స్నేహితురాలు తన చివరి ఏర్పాట్లు నాకు అప్పజెప్పింది. ఇప్పటి నుంచే ఏమేం సిద్ధం చేసుకోవాలి?

అడిగినవారు: సర్పవరం జంక్షన్

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. నేనూ నా స్నేహితురాలూ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాం. సేవింగ్స్ కౌంటర్లో మావి పక్కపక్క కుర్చీలు. తను పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలను చివరిదాకా తనే చూసుకుంది. ఇప్పుడు గాంధీనగర్‌లో సొంతింట్లో ఒక్కతే ఉంటోంది. షుగర్ ఉంది, మందులు వేసుకుంటుంది. అంతకు మించి ఏమీ లేదు, మనిషి గట్టిగానే ఉంది.

మొన్న సంక్రాంతి హడావుడి అయ్యాక నన్ను పిలిచి, ఒక లాంగ్ నోట్‌బుక్ చేతిలో పెట్టి చదవమంది. మొదటి పేజీ పైన తేదీ, కింద సంతకం. కళ్ళు దానం చేయాలి. శరీరం మా ఊరి రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వాలి. డప్పులు వద్దు, పూలరథం వద్దు, సందు మొగలో ఫ్లెక్సీ అసలే వద్దు. వచ్చినవాళ్ళను ఎండలో నిలబెట్టకుండా షామియానా వేయించి, అందరికీ మజ్జిగ ఇప్పించాలి. బీరువాలో అమ్మ ఉప్పాడ చీర తనకు కట్టకూడదు, ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురి పెళ్ళికి ఇవ్వాలి. వీధి కుక్కలకు రోజూ పెట్టే అన్నం ఆ నెలాఖరు దాకా ఆగకూడదు. అన్నిటికీ అడుగున ‘ఇవి చేయించవలసినది’ అని రాసి నా పేరు, నా ఫోన్ నంబరు.

చదువుతుంటే నా గొంతు పట్టేసింది. తను మాత్రం ఆర్డీ పాస్‌బుక్ చూపిస్తున్నట్టు మామూలుగా కూర్చుంది. సీతారాం ఏచూరి గారు 2024 సెప్టెంబరులో పోయినప్పుడు ఆయన శరీరాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చారు కదా. వాళ్ళది కాకినాడ కుటుంబం. ఆ వార్త వచ్చినప్పుడే తను ఈ నిర్ణయానికి వచ్చిందట.

చిక్కు ఎక్కడంటే, తనకి పిఠాపురంలో అన్నయ్య ఉన్నారు. చెల్లెలంటే ప్రాణం. కానీ ఆయనది బాగా ఆచారం. ‘దానికి పిల్లలు లేకపోతేనేం, మావాడు తలకొరివి పెడతాడు, మా ఊరి పాదగయ క్షేత్రంలో పిండం పెడతాడు’ అని ఎప్పుడూ అంటుంటారు. ఈ నోట్‌బుక్ సంగతి ఆయనకింకా తెలియదు. తనేమో ‘అన్నయ్యకు నేను పోయాక నువ్వే చెప్పు’ అంటోంది.

తన మాట నిలబెట్టాలని నాకుంది. నా కన్నా ముందు తనే వెళ్ళాల్సి వస్తే, తను కోరుకున్నట్టే పంపాలి. అలాగని ఏడుస్తున్న అన్నగారి ముందు నోట్‌బుక్ పట్టుకుని వాదించడం నా వల్ల కాదు. అసలు ఆ రోజున ‘మీరు ఆవిడకి ఏమవుతారు?’ అని ఎవరైనా అడిగితే స్నేహితురాలినన్న మాట చెల్లుతుందా? ఈ నోట్‌బుక్ సరిపోతుందా, స్టాంపు పేపరు కావాలా? ఆ రోజు ఖర్చులకు డబ్బు ఎలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

అనాటమీ హాల్:

అమ్మా, ఒక మెడికల్ కాలేజీ అనాటమీ (శరీర నిర్మాణం నేర్పే) విభాగంలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. బాడీ అప్పగించడానికి వచ్చే కుటుంబాలను దగ్గర్నుంచి చూశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

నోట్‌బుక్ మంచిదే, కానీ కాలేజీకి కావలసింది వాళ్ళ ఫారం. అనాటమీ విభాగానికి ఇద్దరూ వెళ్ళి తీసుకోండి. దాత సంతకంతో పాటు సాక్షుల సంతకాలు ఉంటాయి. ఆ సాక్షుల్లో ఒకరు అన్నగారు అయ్యేలా చూడండి. ఎందుకంటే ఆ రోజు బాడీ అప్పగించేది ఇంటివాళ్ళే. దాత ఎంత స్పష్టంగా రాసినా, సొంత అన్న గుమ్మంలో నిలబడి ‘ఇవ్వం’ అంటే కాలేజీ వాళ్ళు గొడవ పెట్టుకోరు, దణ్ణం పెట్టి వెనక్కి వెళ్ళిపోతారు. మా దగ్గర ఫారాలు బీరువాలోనే ఉండిపోయి, బాడీలు శ్మశానానికి వెళ్ళిన సందర్భాలున్నాయి. ‘పోయాక చెప్పు’ అన్న మాట ఒక్కటీ ఆవిడ మార్చుకోవాలి. ఆ పని మీరే చేయించగలరు.

ముందు కళ్ళ సంగతి. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీసేయాలి. కంటి బ్యాంకు వాళ్ళు ఇంటికే వస్తారు. వాళ్ళు వచ్చేలోగా ఫ్యాన్ ఆపేయండి. రెప్పలు మూసి, వాటి మీద శుభ్రమైన నీళ్ళలో తడిపిన దూది పెట్టండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచండి. పని అరగంట కూడా పట్టదు, ముఖం వికారంగా మారదు. షుగర్ ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా కళ్ళు ఇవ్వొచ్చు. కళ్ళు ఇచ్చాక కూడా బాడీ తీసుకుంటారు. కోనసీమకు చెందిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా గారు 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో పోయినప్పుడు, కళ్ళు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి, శరీరం గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. కాలేజీ ప్రతి బాడీనీ తీసుకోదు. యాక్సిడెంట్ అయి పోస్టుమార్టం జరిగితే తీసుకోరు. హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి అంటు జబ్బులుంటే తీసుకోరు. పాడైపోతే తీసుకోరు. అప్పుడేం చేయాలో కూడా ఆవిడ చేతే రాయించండి: దహనమా, ఎక్కడ, ఎవరు. అది రాయకపోతే ఆ గందరగోళంలో నలుగురూ నాలుగు మాటలంటారు.

ఇంట్లోనే పోతే, ఎప్పుడూ చూసే డాక్టరు మరణానికి కారణం రాసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకుండా కాలేజీలో పని ముందుకు సాగదు. అందుకని షుగర్ చూపించుకునే డాక్టరుకు ఈ విషయం ఇప్పుడే చెప్పి ఉంచండి.

లోపల ఎలా చూస్తారోనన్న బెంగ మీకుంటుంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా ఫార్మాలిన్ ఎక్కించి భద్రం చేస్తాం. ఫస్టియర్ పిల్లలు కత్తి పట్టుకునే ముందు ఆ శరీరం ఎదుట నిలబడి గౌరవంగా ప్రతిజ్ఞ చేస్తారు. నా సర్వీసులో నేను చూసినంతవరకూ ఆ హాల్లో ఎవరూ చెప్పులతో తిరిగింది లేదు.

కోర్టు వరండా:

మేడమ్, నేను అడ్వకేట్‌ని. స్నేహం ఎంత గట్టిదైనా, చట్టం మొదట చూసేది రక్తసంబంధాన్నే. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం, కళ్ళయినా ఇంకేదయినా ఇస్తానని దాత రాసే కాగితానికి కనీసం ఇద్దరు సాక్షులుండాలి, వాళ్ళలో ఒకరు దగ్గరి బంధువై ఉండాలి. అన్నయ్య దగ్గరి బంధువు కిందికి వస్తారు. ఆయన కొడుకు, అంటే మేనల్లుడు, రాడు. కాబట్టి అన్నగారి సంతకమే కావాలి. రెండో సాక్షిగా మీరు చేయండి.

ఈ కోరికలన్నీ విల్లులో రాస్తే చాలని చాలామంది అనుకుంటారు. విల్లు బయటికి తీసేది దినాలు అయ్యాక. ఆస్తికి విల్లు రాసుకోమనండి, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ శరీరం విషయం వేరే కాగితం మీద ఉండాలి. ఒక కాపీ ఆవిడ దగ్గర, ఒకటి మీ దగ్గర, ఒకటి అన్నగారి దగ్గర.

ఇంకో కాగితం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఒంటరిగా ఉండేవాళ్ళకు చావు కన్నా ముందు వచ్చే సమస్య ఐసీయూ. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ మీద ఉంచాలా వద్దా అన్నది ముందే రాసుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ ఆఫీసరు చేతగానీ ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా అందులో రాయాలి.

డబ్బు విషయం మీ ఇద్దరికీ నాకన్నా బాగా తెలుసు. ఖర్చులకు సరిపడా మొత్తం మీ ఇద్దరి పేరనా జాయింట్-బి ఖాతాలో, అంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే తీసుకోగలిగే ఖాతాలో వేసుకోండి. ఆ డబ్బు దేనికోసమో కాగితం మీద రాసి అన్నగారికి చూపించండి, రేపు ఎవరూ మాట అనడానికి ఉండదు. మరణం సంగతి 21 రోజుల్లో కార్పొరేషన్‌లో నమోదు చేయించడం మరవకండి.

జగిత్యాల టు దుబాయ్:

అమ్మా, మీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. మేము లేబర్ క్యాంపులో ఉంటాం. మా రూమ్మేట్ ఒకాయన రాత్రి నిద్రలోనే పోయాడు. మా దిక్కు నుంచి వచ్చినవాడే, నాతో ఒకే సైటులో పనిచేశాడు. బాడీని ఊరికి పంపాలంటే ఇక్కడి డెత్ సర్టిఫికెట్, పోలీసుల కాగితం, ఎంబామింగ్ (బాడీ పాడవకుండా మందు ఎక్కించిన) సర్టిఫికెట్, మన ఇండియన్ కాన్సులేట్ నుంచి ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్ట్ అన్నీ కావాలి. వాటి వెంట తిరగాలంటే నాకు ఇంటివాళ్ళ నుంచి పవర్ ఆఫ్ అటార్నీ రావాలి. ఆయన భార్య నంబరు మా ఎవ్వరి దగ్గరా లేదు. ఫోన్‌కు లాక్ ఉంది. ఊరి పేరు పట్టుకుని సర్పంచ్ దాకా పోయి నంబరు సంపాదించేసరికి చాలా టైం పోయింది. ఆ తల్లి అక్కడ ఎదురుచూస్తుంటే మేము ఇక్కడ నంబర్ల కోసం తిరిగాం.

అప్పటి నుంచి మా రూములో ప్రతి ఒక్కరి ఇంటి నంబర్లు, పాస్‌పోర్ట్ జిరాక్స్, ఇన్సూరెన్స్ కాగితం ఒకే కవర్లో పెట్టి తలుపు వెనక తగిలించినం. మీరు కూడా ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఆమె ఇంట్లో గోడకు పెట్టండి. పక్కింటివాళ్ళకు ఒక తాళంచెవి ఇచ్చి ఉంచండి. రాత్రి పూట ఏమన్నా అయితే మొదట తలుపు తీయాలి కదా.

పురోహితుడు, తూర్పుగోదావరి:

అమ్మా, అన్నగారి బాధ నాకు తెలుసు. కొడుకులు, అన్నదమ్ములు ఇదే మాట నన్ను అడుగుతుంటారు: శరీరం ఇచ్చేస్తే కర్మ ఎలా? శరీరం దొరకనప్పుడు దర్భలతో, మోదుగ ఆకులతో ప్రతిమ చేసి దహనం చేసే విధానం మన పెద్దలు చెప్పినదే. నీళ్ళలో కొట్టుకుపోయినవాళ్ళకు, దూరదేశంలో పోయినవాళ్ళకు అలాగే చేసేవారు. ఆ తరువాత పదో రోజు, పదకొండు, పన్నెండు అన్నీ మామూలే. పాదగయలో పిండప్రదానానికి శరీరంతో పనే లేదు. దీనికి ఒప్పుకోని వైదికులూ ఉన్నారు, ఆ మాట దాచను. అందుకే వాళ్ళింటి పురోహితుడితో ముందే మాట్లాడమనండి. కావాలంటే మీరే ఆయన్ని అన్నగారింటికి తీసుకెళ్ళండి. ఇంటి పురోహితుడు చెబితే అన్నగారి మనసు కుదుటపడుతుంది.

సర్పవరం జంక్షన్:

ఇన్ని విషయాలు ఓపిగ్గా రాసినందుకు అందరికీ నమస్కారాలు. ఇక్కడి జవాబులన్నీ తనకి చదివి వినిపించాను. అనాటమీ హాల్ గారు రాసిన మొదటి భాగం విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ‘సరే, అన్నయ్య దగ్గరికి పోదాం పద’ అంది.

ఆదివారం పిఠాపురం వెళ్ళాం. భోజనాలయ్యాక తనే నోట్‌బుక్ తీసి అన్నగారి చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ చదివి, పక్కన పెట్టేసి ‘నేను బతికుండగా ఇదేంటే’ అన్నారు. వదినగారు లోపలికి వెళ్ళిపోయారు. తను వాదించలేదు. ‘అమ్మ చీర గురించి కూడా రాశాను, చూడు’ అంది. ఆయన మళ్ళీ తీసి, ఆ లైను దగ్గర వేలు పెట్టి, ‘ఇది అమ్మ నీ ఉద్యోగం వచ్చినప్పుడు కట్టుకున్నది కదూ’ అన్నారు. అప్పటి నుంచి గంటసేపు ఇద్దరూ వాళ్ళమ్మ గురించే చెప్పుకున్నారు. నేను నోరు మెదపలేదు.

సాయంత్రం వాళ్ళింటి పురోహితుడిని పిలిపించారు. ప్రతిమ విధానం ఉందని ఆయనా చెప్పారు. అన్నగారు రెండు మాటలు అడిగారు. మొదటి ఫోన్ తనకే రావాలి. కాలేజీకి పంపేముందు ఇంట్లో గంటసేపు ఉంచి, తులసి తీర్థం పోసి, గోత్రం చెప్పుకోనివ్వాలి. తను వెంటనే ఒప్పుకుని ఆ రెండూ నోట్‌బుక్‌లో రాసింది. కింద అన్నగారు సంతకం పెట్టారు. ‘తేదీ వెయ్యి అన్నయ్యా, ఊరి పేరు కూడా’ అని దగ్గరుండి రాయించింది. బెంగళూరులో ఉన్న మేనల్లుడితో వీడియో కాల్లో మాట్లాడారు. ‘అత్త ఎలా చెబితే అలాగే’ అన్నాడు ఆ అబ్బాయి. కాలేజీ తీసుకోకపోతే తలకొరివి అతనే పెట్టేలా రెండో పేజీ రాశాం.

జాయింట్-బి ఖాతా తెరవడానికి ఫారం నింపాం. గోడకు నంబర్లు పెట్టాం: అన్నగారు, నేను, డాక్టరు, కంటి బ్యాంకు, ఆ వరసలో. తాళంచెవి ఎదురింటివాళ్ళకు ఇచ్చాం. ఐసీయూ కాగితం గురించి తనింకా ఆలోచిస్తోంది, నేను తొందరపెట్టడం లేదు.

అనాటమీ హాల్ గారూ, ఇంకొక్క సందేహం. పండగ రోజో ఆదివారమో అయితే కాలేజీ తీసుకుంటుందా? మేనల్లుడు బెంగళూరు నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచితే ఇబ్బందేమైనా ఉందా?

అనాటమీ హాల్:

అన్నగారు సంతకం పెట్టారని చదివి చాలా సంతోషించానమ్మా.

ఫ్రీజర్ బాక్స్‌లో ఉంచితే మంచిదే, మన ఎండలకు అది లేకుండా ఉంచకూడదు. కానీ కళ్ళు తీయడం అయ్యాకే బాక్స్‌లో పెట్టండి, ఆ పని మేనల్లుడి కోసం ఆపకండి. ఎంతసేపటి వరకు తీసుకుంటారన్నది, సెలవు రోజుల పద్ధతి కాలేజీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల డ్యూటీలో ఉన్నవాళ్ళు వచ్చి తీసుకుంటారు, కొన్నిచోట్ల మర్నాటి దాకా ఆసుపత్రి మార్చురీలో ఉంచమంటారు. ఫారం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు విభాగంలో ఈ రెండూ అడిగి, సెలవు రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలో రాయించుకుని, ఆ నంబరు కూడా గోడ మీది వరసలో చేర్చండి. మీ కాపీ మీద విభాగం ముద్ర వేయించుకోండి.