కోర్టు చెరిపేసిన కేసు: భర్త వీసా ఫారంలో ‘అవును’ అనాలా, ‘లేదు’ అనాలా?

రెండో_షిఫ్ట్:
నేను అమెరికా సిటిజన్‌ని. మా ఆయనది వేరే దేశం, ఇంకా అక్కడే ఉన్నారు. పెళ్ళయి ఏడాదిన్నర. ఐ-130 (భర్త కోసం నేను పెట్టిన పిటిషన్) ఆమోదం వచ్చేసింది, ఇప్పుడు డీఎస్-260 (ఆయన ఇమిగ్రెంట్ వీసా ఫారం) నింపుతున్నాం. అన్నీ అయిపోయాయి, ఒక్క పేజీ దగ్గర మూడు రాత్రులుగా ఆగిపోయాం.

మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, ఏ నేరానికైనా దోషి అని తేలారా అని అడుగుతోంది. క్షమాభిక్ష లాంటిది వచ్చినా సరే చెప్పాలట.

పదకొండేళ్ళ కిందట, అప్పుడాయనకి ఇరవై, స్నేహితుడితో కలిసి ఒక షాపులో హెడ్‌ఫోన్స్ జేబులో వేసుకుని బయటికొచ్చారు. గుమ్మం దగ్గరే దొరికిపోయారు. ఒక రాత్రి స్టేషన్‌లో ఉంచారు. కోర్టులో తప్పు ఒప్పుకున్నారు, జరిమానా కట్టారు. కొన్నేళ్ళకి అక్కడి చట్టం ప్రకారం రికార్డు చెరిపేశారు. ఈ మధ్య పోలీస్ సర్టిఫికెట్ తీసుకుంటే ‘ఏమీ లేదు’ అనే వచ్చింది.

ఇదంతా పెళ్ళికి ముందే నాకు చెప్పారు, ఆ విషయంలో నాకు ఏ బాధా లేదు. కానీ ఆయన ‘లేదు’ అని కొడదామంటారు. వాళ్ళ బాబాయిగారు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వమే లేదన్నదాన్ని నువ్వు ఉందంటావేంట్రా అంటున్నారు. నేను ‘అవును’ అనాలంటాను. నిన్న రాత్రి స్క్రీన్ షేర్ చేసి, ఆ రెండు గుండ్రాల మధ్య కర్సర్ పెట్టి, ఇద్దరం నోరు మెదపకుండా కూర్చున్నాం. చివరికి సైటే లాగౌట్ చేసి పారేసింది.

మీరైతే ఏం చేస్తారు?

మిరియాల_కషాయం:
‘లేదు’ అనే అంటాను. రికార్డు చెరిపేయడమంటే అర్థం ఏమిటి? ఇకమీదట ఇతన్ని ఈ విషయం అడగొద్దని ఒక దేశం నిర్ణయించింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు చేసిన వెధవ పనిని ఆ దేశ కోర్టే మర్చిపోతే, ఇంకో దేశం వెబ్‌సైటు తవ్వి తీయడం ఏం న్యాయం? చేతిలో క్లీన్ సర్టిఫికెట్ ఉంది. కూర్చున్న కొమ్మని నరుక్కోకండి.

కాగితాల_పురుగు:
అమ్మా, ఆరేళ్ళు ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర ఫైళ్ళు సర్దిన మనిషిని. నేను లాయర్ని కాను, అది గుర్తుపెట్టుకుని చదవండి.

పై మిత్రుడు చెప్పింది వినడానికి బాగుంది. కానీ అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో ‘కన్విక్షన్’ అనే మాటకి సొంత నిర్వచనం ఉంది. నేరం ఒప్పుకుని, ఏదో ఒక శిక్ష పడితే చాలు, అది జరిమానా అయినా సరే. తరవాత మంచి నడవడి చూసి రికార్డు చెరిపేసినా ఇమిగ్రేషన్ లెక్కలో అది అలాగే ఉంటుంది. అసలు ఆ తీర్పే చట్టప్రకారం తప్పని పై కోర్టు కొట్టేస్తే మాత్రం కథ వేరు. చెరిపేయడం, కొట్టేయడం ఒకటే అనుకుని దెబ్బతిన్నవాళ్ళని చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. దొంగతనం మామూలుగా ‘మోరల్ టర్పిట్యూడ్’ (నైతికంగా దిగజారుడు) నేరాల కింద పడుతుంది. అది ఉంటే వీసాకి అనర్హత. కానీ ఒక మినహాయింపు ఉంది, దాన్ని పెట్టీ అఫెన్స్ అంటారు. జీవితంలో అలాంటి నేరం ఒక్కటే ఉండాలి, ఆ నేరానికి చట్టంలో రాసిన గరిష్ఠ శిక్ష ఏడాది దాటకూడదు, నిజంగా పడిన శిక్ష ఆరు నెలలు దాటకూడదు. మీవారికి పడింది జరిమానాయే. కాబట్టి మీరు వెతకాల్సింది ఒక్కటే: ఆయన మీద పెట్టిన సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష ఎంత?

ఏడాదిలోపే అయితే, ‘అవును’ అని రాసి కూడా వీసాకి అర్హులే కావచ్చు. అంటే తప్పించుకోవడానికి మీరు చెప్పబోయే అబద్ధం అసలు అవసరమే లేనిది.

తర్కం_తమ్ముడు:
పురుగు అన్నయ్యా, ఒక మెలిక. మీ మాట ప్రకారమే ఆ కేసు వీసాకి అడ్డు కాదనుకుందాం. అప్పుడు ‘లేదు’ అని రాసినా నష్టం ఏముంది? అబద్ధం శాశ్వత అనర్హత అవ్వాలంటే అది ‘మెటీరియల్’, అంటే వీసా నిర్ణయాన్ని ప్రభావితం చేసేది అయ్యుండాలి కదా. ఎటూ ఇచ్చే వీసాని తెచ్చిపెట్టిన అబద్ధం మెటీరియల్ ఎలా అవుతుంది?

కాగితాల_పురుగు:
తెలివైన ప్రశ్నే తమ్ముడూ, మా లాయరు కూడా మెచ్చుకునేవాడు. కానీ మెటీరియల్‌కి రెండు తలుపులున్నాయి. నిజం తెలిస్తే వీసా రాకపోయేది, అది ఒకటి. రెండోది, ఆ అబద్ధం వల్ల ఆఫీసరు అడగాల్సిన ప్రశ్నలు అడగకుండా పోయాయి, అడిగి ఉంటే అనర్హత తేలే వీలుండేది. ఈ రెండో తలుపులోంచి ఇరుక్కుంటారు. సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష ఎంతో ఇప్పటికి ఎవరికీ తెలియదు. తెలియకుండా పందెం కాయడమే అవుతుంది.

పైగా ఈ ప్రశ్న ఒక్కసారితో పోదు. కాన్సులేట్‌లో ప్రమాణం చేయించి అడగవచ్చు. ఆయన రేపు సిటిజన్‌షిప్‌కి పెడితే ఎన్-400 అనే ఆ ఫారంలో మళ్ళీ అరెస్టుల గురించి ఉంటుంది, రికార్డు చెరిపేసినవి కూడా చెప్పమని అందులో రాసే ఉంటుంది. ఒక అబద్ధాన్ని కాపాడుకుంటూ అన్నేళ్ళు బతకాలి.

సగం_సూట్‌కేసు:
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మాది దాదాపు ఇదే కథ. నా భర్తకి కాలేజీ రోజుల్లో ఒక కొట్లాట కేసు. అరెస్టు అయ్యారు, కేసు నిలబడలేదు. శిక్ష లేదు, ఏమీ లేదు. ఫారం నింపిన కన్సల్టెంట్ ‘కొట్టేసిన కేసే కదా మేడమ్’ అని ‘లేదు’ అని కొట్టాడు. మేమూ తలూపాం.

ఇంటర్వ్యూలో ఆఫీసరు మర్యాదగానే అడిగాడట, ఎప్పుడైనా అరెస్టు అయ్యారా అని. లేదన్నారు. ఇంకోసారి ఆలోచించి చెప్పండి అన్నాడట. లేదన్నారు. అప్పుడతను, మీ పాత స్టూడెంట్ వీసా ఫారంలో ‘అవును’ అని ఉందే అన్నాడు. నిజమే. చదువుకోసం పెట్టిన పాత దరఖాస్తులో ఆయనే నిజాయితీగా రాశారు. ఆ వీసా రాలేదు, రాసిన సంగతి మా ఇద్దరికీ గుర్తులేదు.

నేరం లేని కేసుకి అబద్ధం నేరమైంది. అప్పట్నుంచీ వేవర్ (అనర్హతని మాఫీ చేయించుకోవడం) అంటూ తిరుగుతున్నాం. నాకు ఎంత కష్టమో కాగితాల మీద నిరూపించాలి: డాక్టరు రిపోర్టులు, అమ్మ మందుల చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. భర్త దూరంగా ఉన్నాడన్న బాధ ఒక్కటే సరిపోదట. మామూలుగా ఎవరికైనా ఉండేదానికంటే ఎక్కువని చూపించాలట. నా ఏడుపు కొలిచి చూపించమన్నట్టుంది.

అవునని రాయండి అక్కా.

మిరియాల_కషాయం:
మీ విషయం చదివి మనసు పాడైంది, సారీ. కానీ చూడండి, మీ కథలోనూ తప్పంతా వ్యవస్థదే. నిలబడని కేసుని అసలు ఎందుకు అడగాలి? సిటిజన్‌కి తన జీవితభాగస్వామితో కలిసి బతికే హక్కు లేదా?

లైబ్రరీ_కార్డు:
చట్టం దృష్టిలో, మీరనుకున్నంత లేదు. అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో మున్యోజ్ కేసులో ఇదే తేల్చింది. సిటిజన్ భార్య, ఎల్ సాల్వడార్‌కి చెందిన భర్త. ఆయనకి నేరచరిత్ర ఏమీ లేదు. ఒంటి మీద పచ్చబొట్లు చూసి ముఠా మనిషని కాన్సులేట్ అనుమానించింది. మొదట తిరస్కరణకి కారణంగా చెప్పింది చట్టంలోని ఒక సెక్షన్ పేరు మాత్రమే. వేరే దేశస్థుడైన భర్తని దేశంలోకి రానివ్వమని అడిగే ప్రాథమిక హక్కు సిటిజన్‌కి లేదని కోర్టు చెప్పింది; కేసు ఫలితం ఆరుగురికి ముగ్గురు. తీర్పు రాసింది జస్టిస్ బారెట్, విభేదించి రాసింది జస్టిస్ సోటోమయోర్.

నాకూ ఆ తీర్పు నచ్చలేదు. కానీ కాన్సులేట్ నిర్ణయం మీద కోర్టుకెళ్ళే దారి అంత సన్నగా ఉన్నప్పుడు, అబద్ధం రాసి తిరస్కరించడానికి కారణం మనమే ఇవ్వడం ఎందుకు?

ఉత్తరపు_గాలి:
కెనడా నుంచి. ఇక్కడైతే ఈ కేసు వేరేగా నడుస్తుంది. ఇలాంటి నేరం ఒక్కటే ఉండి, శిక్ష పూర్తయి పదేళ్ళు దాటితే మారిన మనిషిగానే లెక్కేస్తారు. అయిదేళ్ళు దాటితే రీహాబిలిటేషన్‌కి, అంటే మారిన మనిషినని గుర్తించమని, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అబద్ధం దొరికితే మాత్రం అయిదేళ్ళు తలుపు మూసుకున్నట్టే. ఊరికే చెబుతున్నా, దేశం మారమనడం లేదు :)

గడియారం_ముల్లు:
అందరూ ఆయన వైపు నుంచే చూస్తున్నారు. ఆమె ఐ-864 (భర్త పోషణకి హామీ పత్రం) మీద సంతకం పెట్టాలి. ఇంటి ఆదాయం పేదరికపు గీతకి 125 శాతం ఉండాలి. విడాకులైనా ఆ బాధ్యత పోదు. ఆయన సిటిజన్ అయ్యేదాకానో, ఆయన ఖాతాలో 40 క్వార్టర్ల (మూడేసి నెలల లెక్క) పని జమయ్యేదాకానో ఉంటుంది, అంటే దాదాపు పదేళ్ళు. ఒకసారి దొంగతనం చేసినవాడికి అంత హామీ ఇవ్వాలా అని ఆలోచించుకోండి చెల్లెమ్మా.

రెండో_షిఫ్ట్:
అన్నయ్యా, హెడ్‌ఫోన్స్ తీసినందుకు మనిషిని వదిలేయాలంటే నా కాలేజీ బ్యాచ్‌లో ఎవరికీ పెళ్ళి అయ్యుండేది కాదు. ఐ-864 గురించి తెలుసు, చదివే సంతకం పెడుతున్నాను. మీరు హెచ్చరించడంలో తప్పులేదు కానీ నేనడిగింది అది కాదు.

సగం_సూట్‌కేసు గారూ, మీరు రాసింది ఆయనకి ఫోన్‌లో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘నేను భయపడేది వీసా గురించి కాదు, ఆ మాట నా చేత్తో మళ్ళీ రాయాల్సి వచ్చినందుకు’ అన్నారు. ఇన్ని రోజులు నేను ఆయనతో చట్టం గురించి వాదిస్తున్నాను, ఆయన వేరే దాంతో పోట్లాడుతున్నారు.

కాగితాల_పురుగు:
కోర్టుకి వెళ్ళి తీర్పు సర్టిఫైడ్ కాపీ అడగమనండి. ఫైలు నాశనం చేశామంటే ఆ ముక్కే కోర్టు ముద్రతో రాయించుకోవాలి. దాంతోపాటు ఆ సెక్షన్ పాఠం, అప్పటిది, ఇప్పటిది కాదు.

రెండో_షిఫ్ట్:
(పన్నెండు రోజుల తరవాత)

కాగితాలు దొరికాయి. రికార్డు చెరిపేసినా ఫైలు మాత్రం గోదాములో ఉంది. గుమాస్తా దుమ్ము దులిపి తెచ్చాడట. రెండు పేజీలు, రెండో పేజీలో ఆయన సంతకం, ఇరవై ఏళ్ళప్పటి గుండ్రటి చేతిరాత.

సెక్షన్ గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. అంటే పెట్టీ అఫెన్స్ వర్తించదు.

లాయరుతో గంట మాట్లాడాం. ఆవిడ చెప్పింది ఇది: నేరం జరిగి పదిహేనేళ్ళు దాటితే వేవర్‌కి ఒక దారి, మాకు ఇంకా నాలుగేళ్ళు తక్కువ. ఇప్పుడే అయితే నాకు అసాధారణమైన కష్టం అని చూపించాలి. ముందు కాన్సులేట్ కాదనాలి, ఆ తరవాతే ఐ-601 అనే వేవర్ దరఖాస్తు. ‘లేదు’ అని రాసి దొరికితే మాత్రం పదిహేనేళ్ళ దారి ఒక్కటే చాలదు, అబద్ధానికి వేరే వేవర్ కావాలి, దానికి మళ్ళీ నా కష్టమే చూపించాలి.

‘అవును’ అని ఆయనే నొక్కారు. నేను చూస్తూ ఉన్నాను.

మిరియాల_కషాయం:
అంటే నిజం చెప్పినందుకు ముందు తిరస్కరణ రాయించుకోవాలి, ఆ తరవాత బతిమాలుకోవాలి. నేను ఇంకా నా మాట మీదే ఉన్నాను, ఈ రూలు దుర్మార్గం. మీకు మాత్రం వీసా తొందరగా రావాలి.

రెండో_షిఫ్ట్:
రూలు గురించి మీతో నాకు గొడవ లేదండి. పురుగు గారూ, ఒక చిన్న సందేహం: తీర్పు అనువాదం నేనే చేసుకోవచ్చా? నాకు ఆ భాష బాగానే వచ్చు.

కాగితాల_పురుగు:
మీరు వద్దు, మీరు పిటిషనర్, అంటే ఈ దరఖాస్తు పెట్టిన మనిషి. రెండు భాషలూ వచ్చిన బయటివాళ్ళెవరైనా చేసి, నాకు ఈ భాషలు వచ్చు, అనువాదం పూర్తిగా సరిగా ఉంది అని కింద సంతకం పెడితే చాలు. వెనకవైపు ముద్రల మీద అక్షరాలు కూడా అనువదించమనండి, అవే అందరూ మర్చిపోతారు.