తడి మంచులో ఎల్క్ వేట: సింథటిక్ స్లీపింగ్ బ్యాగ్ మోసినవాళ్లు కాస్త చెప్పండి

డెన్వర్_బాటసారి
అందరికీ నమస్తే. నవంబర్‌లో థర్డ్ రైఫిల్ సీజన్‌కి (తుపాకీ వేటకి ఇచ్చే మూడో విడత) కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ కొండలకి ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి వెళ్తున్నాం, నేనూ మా ఆఫీసులో ఒకాయనా. రోడ్డు దిగి 5 మైళ్లు లోపలికి, దాదాపు 10 వేల అడుగుల ఎత్తులో, 5 రాత్రులు. నా దగ్గరున్నది 20 డిగ్రీల డౌన్ బ్యాగ్, అంటే మెత్తటి ఈకలు నింపింది (ఫారెన్‌హీట్ అండీ, అంటే మైనస్ 7 సెల్సియస్). పోయినేడు అక్టోబర్‌లో గుడారం గోడలకి పట్టిన చెమ్మంతా కాళ్ల దగ్గర బ్యాగ్‌లోకి దిగి, ఈకలు ముద్దకట్టాయి. మూడో రాత్రి పడుకోలేదు, తెల్లారేదాకా కూర్చున్నాను. ఈసారి సింథటిక్ కొందామంటే 0 డిగ్రీలది 4 పౌండ్లు దాటుతోంది, ప్యాక్‌లో సగం చోటు దానికే పోతోంది. ఏం చెయ్యమంటారు?

ఐడహో_రాజు
బరువు సంగతి వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు చూడండి. బుల్ (మగ ఎల్క్) పడిందంటే ఎముకలు తీసేసినా దగ్గర దగ్గర 200 పౌండ్ల మాంసం. ఇద్దరికి తలా రెండు ట్రిప్పులు తప్పవు. ఆ లెక్కలో ఒకటిన్నర పౌండు తేడా ఎక్కడ కనిపిస్తుందండీ?

కోడియాక్_బాబాయ్
నేను యాంకరేజ్‌లో ఉంటాను. ఏటా కోడియాక్ దీవికి నల్లతోక జింకల వేటకి వెళ్తాం. అక్కడ చలి మరీ ఎక్కువేం కాదు. 35 డిగ్రీల (ఫారెన్‌హీటే) దగ్గర వాన, 30లో తడి మంచు, మధ్యలో గాలి. నన్నడిగితే 5 డిగ్రీల పొడి చలి దీనికన్నా నయం.

ఒకసారి అర్ధరాత్రి గాలికి గుడారం కూలింది. మళ్లీ నిలబెట్టేసరికి బ్యాగ్ నీళ్లోడుతోంది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని పంచె పిండినట్టు పిండి, అందులోనే దూరాను. మొదటి గంట వణుకే వణుకు. తర్వాత తడి కంబళి కప్పుకున్నట్టు గోరువెచ్చగా అయింది. తెల్లారేసరికి ఒంటికి తగిలే పొర ఆరింది, పైది ఇంకా తడే. కాబట్టి షాపులో ‘తడిసినా వెచ్చగా ఉంటుంది’ అంటే పూర్తిగా నమ్మకండి. తడిస్తే ఏదైనా చల్లబడుతుంది. కాకపోతే సింథటిక్ పీచు ఈకల్లా ముద్దకట్టదు, ఒంటి వేడికే నెమ్మదిగా ఆరుతుంది.

ఇంకో సంగతి, బ్యాగ్ మీద పెద్దగా రాసే అంకె చాలాసార్లు ‘లోయర్ లిమిట్’. అంటే ముడుచుకుని పడుకున్న మగమనిషి ఎలాగోలా రాత్రి గడిపే చలి. లోపలి చీటీ మీద ‘కంఫర్ట్’ అని వేరే అంకె ఉంటుంది, అది చూసి కొనండి. పడుకునే ముందు నెయ్యో జీడిపప్పో తింటే ఒళ్లు వేడెక్కుతుంది, కానీ ఎలుగుబంట్లు తిరిగే చోట గుడారంలో మాత్రం తినొద్దు. మా దగ్గర ఆ బాధ ఉంది.

గొంగడి_సిద్దిపేట
అన్నా, మా దిక్కు వేటంటే 1972 వన్యప్రాణుల చట్టం కింద కేసే, గందుకే ఎల్క్ సంగతి నాకు తెల్వది. గొంగడి సంగతి తెలుసు. మాది కురుమోళ్ల ఇల్లు. మా తాత వానకాలం గొర్ల మందతోని చెల్కల్లనే పండేటోడు. ఉన్ని గొంగడి తడిస్తే మస్తు బరువైతది గని లోపలున్న మనిషికి చలి పెట్టది. తడికి పనికొచ్చేదే కావాల్నంటవ్, మళ్ల బరువంటవ్. గొంగట్ల తినుకుంట ఎంటికలు ఏరినట్టున్నది.

ఒక్కటి చెప్త. డిసెంబర్ల ఉత్తరాఖండ్‌ల కేదార్‌కంఠ ట్రెక్కు పోయిన. కిరాయికి ఇచ్చిన బ్యాగ్ సింథటికే, గని ఏండ్ల సంది సంచుల కుక్కి కుక్కి లోపలిది అట్ట లెక్క అయ్యింది. రాత్రంతా వణుకుడే. పాతది సస్తగ వస్తుందని కొనకు.

డెన్వర్_బాటసారి
హహ, గొంగడి దెబ్బ బాగా తగిలింది అన్నా. పాతదే చూస్తున్నా నిజానికి, మానేశాను.

ఐడహో_రాజు
అసలు కింద ఏం పరుస్తున్నారు? మీ బరువుకి బ్యాగ్ అడుగుభాగం నలిగిపోతుంది, అక్కడ డౌనైనా సింథటికైనా ఒకటే. నా గాలిపరుపు ఆర్-విలువ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4. దాని కింద 2 ఉన్న మడత ఫోమ్ వేస్తాను. రెండూ కలిపి 6. గాలి పోయినా ఫోమ్ మిగులుతుంది.

మంచుకొండ_లత
మీ డౌన్ బ్యాగ్ పారేయకండి, దాని మీద పల్చటి సింథటిక్ క్విల్ట్ (పీచు నింపిన దుప్పటి) కప్పండి. ఒంట్లోంచి వచ్చే ఆవిరి రాత్రంతా బయటికి పోతూనే ఉంటుంది, చల్లటి పొర తగిలిన చోట నీరవుతుంది. పైన క్విల్ట్ ఉంటే ఆ చోటు ఈకల్లోంచి క్విల్ట్‌లోకి జరుగుతుంది. గుడారం గోడ తగిలినా తడిసేది క్విల్టే. సైజు వదులుగా తీసుకోండి, బిగుతుగా ఉంటే ఈకలు నలిగి ఉన్న వెచ్చదనం కూడా పోతుంది. మా ఆయన మాత్రం ఒప్పుకోడు, ఒకే బ్యాగ్ చాలంటాడు. ఆయన పక్కన నేను హాయిగా నిద్రపోతాను.

పొయ్యి_గుడారం
రేకు పొయ్యి పెట్టుకునే వేడి గుడారమైతే తడిబట్టలు ఆరతాయండి. కానీ నిప్పురవ్వ పడితే సింథటిక్ కరిగి బొక్కపడుద్ది. నాదానికి మూడున్నాయి, టేపేశా. పొయ్యికి దూరంగా పడుకోండి, గాలి ఆడేలా చూసుకోండి.

డెన్వర్_బాటసారి
వెళ్లొచ్చాం. లత గారి మాటే విన్నాను, 20 డిగ్రీల డౌన్ మీద క్విల్ట్. నాలుగో రాత్రి తెల్లవారుజామున 6 డిగ్రీలు చూపించింది. లేచేసరికి క్విల్ట్ మీద ఉప్పు చల్లినట్టు మంచు పలుకులు. దులిపేశాను. లోపల ఈకలు పొడిగానే ఉన్నాయి. తప్పు ఒకటి చేశాను: బూట్లు బయట వదిలేశా. పొద్దున్న రాయిలా గడ్డకట్టాయి, కాళ్లు దూర్చడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలోనే ఎదుటి గట్టు మీద బుల్ కూతేసి అడవిలోకి దిగిపోయింది.

కాబట్టి రాజు గారూ, మాంసం మోత లేదు, మీ లెక్క వచ్చే ఏడాదికి. క్విల్ట్ మాత్రం పొగ కంపు కొడుతోంది. ఉతకొచ్చా?

మంచుకొండ_లత
ఉతకొచ్చు, ముందు వైపు తలుపున్న వాషింగ్ మెషిన్లో, కొంచెం సబ్బుతో. సాఫ్ట్‌నర్ వద్దు. డ్రయ్యర్ వేడి బాగా తగ్గించండి. ఆరాక సంచిలో కుక్కకుండా అల్మరాలో వదులుగా పెట్టండి. బూట్లు ఈసారి ఓ ప్లాస్టిక్ సంచిలో వేసి కాళ్ల దగ్గర పెట్టుకోండి.