ఫలానా రోజు విశాఖ మునిగిపోతుందన్న ఫార్వర్డ్: ఎలా తేల్చుకోవాలి?

బీచ్‌రోడ్_పాఠకుడు:
గ్రహాలన్నీ ఒకే వరుసలోకి వస్తున్నాయట, ఆ రోజు సునామీ లేచి ఆర్కే బీచ్ నుంచి జగదాంబ దాకా ముంచేస్తుందట. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతోంది. పెద్దవాళ్లు నిజంగానే బెంబేలెత్తుతున్నారు. "ఒట్టి పుకారు" అంటే వినరు, లెక్క చూపించాలి. నిజం హెచ్చరిక అయితే ఎలా ఉంటుందో కూడా చెప్పండి.

డాల్ఫిన్‌కొండ:
లెక్క చిన్నదేనండి. సముద్రానికి పోటు తెప్పించే బలం గ్రహం బరువును బట్టి పెరుగుతుంది, దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు. శుక్రుడు చంద్రుడికి 66 రెట్లు బరువు. కానీ బాగా దగ్గరికొచ్చినప్పుడు కూడా చంద్రుడికన్నా 108 రెట్లు దూరంలో ఉంటాడు. 108 ఘనం 12.6 లక్షలు. దానితో 66ని భాగిస్తే చంద్రుడి బలంలో 19 వేలవ వంతు మిగులుతుంది. గురుడిది ఇంకా తక్కువ, లక్షా డెబ్బై వేలవ వంతు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర లోపే. అదంతా చంద్రుడి ఖాతాలోనే వేసినా శుక్రుడి వాటా వెంట్రుక మందం.

పైగా సునామీ పోటు వల్ల పుట్టదు. ఎక్కువగా సముద్రం అడుగున భూపలక జారితే పుడుతుంది.

పెద్దవాళ్లకు 1962 గుర్తు చేయండి. ఫిబ్రవరి 3 నుంచి 5 వరకు మకరంలో అష్టగ్రహ కూటమి, 5న సూర్యగ్రహణం కూడా. దేశమంతా యాగాలు చేశారు. ప్రళయం రాలేదు.

అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌ని మాత్రం ఈ గాటన కట్టకండి. 1979లో తెలుగు పల్లెల్లో చావు ఖాయమనుకుని మేకలూ కోళ్లూ కోసుకుతిన్నవాళ్లను తప్పుపట్టలేం. 77 టన్నుల వస్తువు నిజంగానే పడబోతోంది. దాని దారి ఉత్తరాన 50 డిగ్రీల నుంచి దక్షిణాన 50 డిగ్రీల దాకా ఉంది, మనమూ అందులోనే ఉన్నాం. సూర్యుడి చురుకుదనం పెరిగి పై వాతావరణం ఉబ్బడంతో అది అనుకున్నదానికన్నా ముందే కిందికి జారింది. జూలై 11న హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలు పడ్డాయి. ప్రమాదం నిజమే, "మా ఊరి మీదే" అన్నది నిజం కాదు.

అలల_లెక్క:
రెండో ప్రశ్నకు: సునామీ హెచ్చరిక భూకంపం వచ్చాకే వస్తుంది. నెల ముందు తేదీ చెప్పే హెచ్చరిక అంటూ ఉండదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) 2007 నుంచి సునామీ కేంద్రం పనిచేస్తోంది. వాళ్ల బులెటిన్‌లో భూకంపం ఎక్కడ, ఎంత తీవ్రత, ఎంత లోతు, ఏ తీరానికి ఎన్ని గంటలకు అల చేరవచ్చు అన్నవి ఉంటాయి. తర్వాత సముద్రంలో తేలే కొలత పరికరాలు (బోయ్‌లు), రేవుల్లోని నీటిమట్టం పరికరాలు చూసి దాన్ని సవరిస్తారు, లేదా రద్దు చేస్తారు. 2004 డిసెంబర్ 26న భూకంపం ఉదయం ఆరున్నరకు వస్తే అల విశాఖ చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. మన చేతిలో ఉండే సమయం అంతే.

తుఫాను సంగతి వేరు, అది ముందే తెలుస్తుంది. హెచ్చరికలు 72, 48, 24 గంటల ముందు మెట్లు మెట్లుగా వస్తాయి, రేవులో ప్రమాద సూచిక నంబరు మారుతూ ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటుతుందని ముందే చెప్పారు, అలాగే దాటింది. ఫార్వర్డ్‌లో వెతకాల్సింది ఇదే: సవరించిన బులెటిన్ ఎక్కడ? ఎన్ని రోజులైనా ఒక్క అక్షరం మారకుండా తిరుగుతోందంటే దాన్ని ఎవరూ కొలవడం లేదన్నమాట.

పాతకాగితం:
తేదీ దాటాక జరిగేదీ చూసుకోవాలి. 2025 జూలై 5న జపాన్‌కు మహావిపత్తు అన్నారు, ప్రయాణాలు రద్దయ్యాయి. ఆ రోజు మహావిపత్తేమీ రాలేదు. జూలై 30న రష్యాలోని కమ్‌చత్కా దగ్గర 8.8 భూకంపం వస్తే "చెప్పింది నిజమైంది" అన్నారు. తేదీ మారింది, దేశమూ మారింది. అందుకే ఏ రోజు, ఏ ఊరు, ఎంత అల అన్నది ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. "అక్టోబర్‌లో బంగాళాఖాతంలో ఉపద్రవం" లాంటివి లెక్కలోకి తీసుకోకండి, ఆ నెలలో వాయుగుండాలు మామూలే. బ్రహ్మంగారి పేరు తగిలించి ఉంటే, ఏ ముద్రిత ప్రతి, ఎన్నో పేజీ అని అడగండి.

అలల_లెక్క:
పెద్దవాళ్లకు ఇదొక్కటి తప్పక చెప్పండి. బీచ్‌లో ఉన్నప్పుడు సముద్రం ఉన్నట్టుండి బాగా వెనక్కి పోతే ఏ మెసేజ్ కోసమూ ఆగొద్దు. ఫొటోలు తీయొద్దు. సిరిపురం వైపు ఎత్తుకు నడవాలి. మొదటి అల తర్వాత కూడా గంటల తరబడి ఇంకా అలలు రావచ్చు, రద్దు బులెటిన్ వచ్చేదాకా కిందికి దిగకూడదు.