"జ్ఞానము కూల్చె ఫోనులను..." తర్వాత ఏమిటి?

మధురవాడ:
నాలుగు రోజులుగా ఒక పాదం సగం గుర్తొచ్చి సగం రాక ప్రాణం తీస్తోంది. "జ్ఞానము కూల్చె ఫోనులను", అంతే, అక్కడ ఆగిపోతోంది. 2018 వేసవిలో విశాఖ ద్వారకానగర్ లైబ్రరీ దగ్గర ఒక చిన్న అవధానంలో పూరించమని ఇచ్చిన సమస్య ఇది. అప్పుడు ఫోన్లో రాసుకున్నాను గానీ ఆ ఫోను రుషికొండ బీచ్‌లో అల కొట్టి పోయింది. పూరణ అక్కర్లేదు, సమస్యలో మిగతా సగం చెబితే చాలు. పదో అక్షరం పడగానే సభలో అందరూ నవ్వారు, అదొక్కటి బాగా గుర్తుంది.

పెదవాల్తేరు మాస్టారు:
ఉత్పలమాల. యతి పదో అక్షరం మీద, మొదటి అక్షరంతో దాని ధ్వని కలవాలి. మొదట జ్ఞా ఉంటే అక్కడ "జా" తప్ప ఇంకేముంటుంది నాయనా. "జ్ఞానము కూల్చె ఫోనులను జాలమునందున నేమి చిత్రమో". జాలం అంటే వల, అంతర్జాలమూ అవుతుంది, శ్లేష కుదిరింది కాబట్టే సభ నవ్వింది. ఇది అదే అని నేననను గానీ ఇలాంటిదే అయ్యుంటుంది.

ఎంవీపీ కాలనీ:
మాస్టారూ, జ్ఞకి జ వేయడం ఎవరైనా చేస్తారు, దానికి సభ ఎందుకు నవ్వుతుంది? విశేష యతి మర్చిపోయారా? క ఖ గ ఘలకి జ్ఞతో చెల్లుతుంది. అది "గా" అయ్యుంటుందని నా పందెం. "జ్ఞానము కూల్చె ఫోనులను గారడి యేమని చెప్పు మిత్రమా". చూడండి ఎంత హాయిగా నడిచిందో.

పెదవాల్తేరు మాస్టారు:
మర్చిపోలేదమ్మా. చెల్లుతుంది అన్నంత మాత్రాన వేసి తీరాలని లేదు. చెవికి ఇంపుగా జకారం పక్కనే ఉండగా గకారం కోసం ఊరంతా తిరగడం ఎందుకు? జకారానికి శషసలతో కుదిరే సరస యతిలోకి వెళ్లినా శా ఉంది, సా ఉంది. "శాపమొ పాపమొ యేమి చెప్పుదున్" అన్నా గణాలు సరిపోతాయి.

కంచరపాలెం:
మాస్టారు మూడు నిమిషాల్లో రెండు పాదాలు రాసేశారు, అడిగినాయన పాదం మాత్రం ఎక్కడా లేదు.

ఎంవీపీ కాలనీ:
చెవికి ఇంపు అన్నారు కదా, చెవి మాటే చెబుతాను. ఈ గ్రూపులో ఉన్న రెండొందల మందిలో జ్ఞానాన్ని జకారంతో పలికేవాళ్లు ఎవరో చెయ్యెత్తండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక జ్ఞానేశ్వర్ గారున్నారు, బోర్డు మీద ఇంగ్లీషులో జీ ఎన్ తో మొదలవుతుంది ఆయన పేరు. నేనయితే ఫోన్‌కి నోటితో చెప్పి రాయిస్తాను, "గ్నాపకం" అంటే జ్ఞాపకం అని సరిగ్గా వేస్తుంది, శాస్త్రోక్తంగా జ, ఞ కలిపి పలికి చూశాను, "జనాపకం" అని వేసింది. ఫోన్‌కి కూడా విశేష యతి తెలుసు.

రుషికొండ:
నమస్తే అందరికీ, నేను కొత్త. ఛందస్సు నాకు అంతగా రాదు కానీ సమస్యలో విషయం తప్పు. ఫోన్లని కూల్చింది జ్ఞానం కాదు, జ్ఞా. అది కూడా మామూలు జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, దాని తర్వాత కనబడని ఒక జీరో విడ్త్ నాన్‌జాయినర్, చివర దీర్ఘం, ఫోను ఒక్కో గుర్తుకి వాడే నంబర్ల లెక్కన మొత్తం ఐదు కోడ్‌పాయింట్లు ఆ వరుసలో వస్తేనే. ఐఓఎస్ 11 ఉన్న ఐఫోన్లలో అక్షరాలని అతికించి గీసే భాగం దాని దగ్గర తడబడేది. మెసేజీ తెరవకపోయినా సరే, నోటిఫికేషన్‌గా వస్తే హోమ్‌స్క్రీన్ నడిపే స్ప్రింగ్‌బోర్డే కూలిపోయేది. 2018 ఫిబ్రవరి 19న 11.2.6 వదిలి సరిచేశారు. మామూలుగా టైప్ చేసిన జ్ఞానంలో ఆ కనబడనిది ఉండదు కాబట్టి ఏ ఫోనూ కూలదు.

పెదవాల్తేరు మాస్టారు:
బాబూ, సమస్య అంటేనే అబద్ధంలా వినబడాలి, దాన్ని నిజం చేయడం అవధాని పని. నీ లెక్కన చూస్తే ఏ సమస్యా నిలవదు. అయితే ఒకటి అడుగుతాను, ఆ కనబడనిది అసలు ఎందుకు పెట్టారు మనకి?

రుషికొండ:
చాలా అవసరం సార్. "బీచ్‌రోడ్" అని నేను ఇక్కడ కొడితే చకారానికి పొల్లు పొల్లుగానే ఉండి రో విడిగా వచ్చింది కదా, మధ్యలో అది ఉండబట్టే. తీసేస్తే "బీచ్రోడ్" అవుతుంది, చకారం కింద రావొత్తు పడిపోతుంది. రైల్వేస్టేషన్‌లో, సాఫ్ట్‌వేర్, ఇవన్నీ దాని పుణ్యమే. యూనికోడ్‌లో దాని నంబరు 200సి. కానీ ఞకీ దీర్ఘానికీ మధ్య దానికి ఏ పనీ లేదు.

కంచరపాలెం:
అంటే రెండక్షరాలు కలవకుండా మధ్యలో నిలబడే మనిషి, కనబడడు, పనుండదు, ఫోను పడగొడతాడు. మా మేడ మీద పోర్షన్‌లో ఒకాయన ఉన్నాడు ఇలాగే.

మధురవాడ:
బాగుంది గానీ నా పదో అక్షరం?

కంచరపాలెం:
వస్తున్నా గురూ. జా కాదు, గా కాదు. నా. ఎందుకంటారా, జ్ఞ మన నోట్లో పడి నలిగాక ఏమైందో చూడండి. యజ్ఞం జన్నం అయింది. ఆజ్ఞ ఆన అయింది. విజ్ఞాపనం విన్నపం. విజ్ఞానం విన్నాణం. ఎక్కడైనా గకారం మిగిలిందా? జకారం మిగిలిందా? చివరికి నిలిచింది నకారం. కాబట్టి "జ్ఞానము కూల్చె ఫోనులను నాఁడొక మాయను జూడ వింతగా". యతి తప్పాడు అనుకుని సభ నవ్వింది, తర్వాత తెలుసుకుని చప్పట్లు కొట్టి ఉంటుంది.

పెదవాల్తేరు మాస్టారు:
తత్సమం రాసి తద్భవానికి యతి వేస్తావా! ఏ లక్షణ గ్రంథంలో ఉందయ్యా ఇది? రేపు చంద్రుడని రాసి చందమామకి ప్రాస కలుపుతావు.

కంచరపాలెం:
ఇంకొకటి మాస్టారూ, కూల్చె అన్నది చివర నకారం దాగిన ద్రుతాంతం కదా, కూల్చెఁ బోనులను అనాలేమో?

పెదవాల్తేరు మాస్టారు:
ఫకారం పరుషం కాదు, స్థిరం. పరుషాలైన కచటతపలకే సరళాలైన గజడదబలు వచ్చేది. పైగా బోను అంటే ఎలుకలు పట్టేది. నన్ను కావాలని రెచ్చగొడుతున్నావు, తెలుసు నాకు.

ఎంవీపీ కాలనీ:
నా యతి సంగతి వదిలేయండి, కంచరపాలెం గారి జాబితాలో అసలైనది జారిపోయింది. సంజ్ఞ! అది సన్న అయింది. కనుసన్న, చేసన్న. మనం రోజూ పంపుకునే ఈ నవ్వు మొహాలకీ దండం చేతులకీ పేరు కోసం ఇదే గ్రూపులో పోయినేడాది పదిహేను రోజులు కొట్టుకున్నాం, బొమ్మక్షరం అన్నారు, భావచిత్రం అన్నారు. ఎదురుగా సన్న ఉండగా! చేతులు జోడించిన బొమ్మని చేసన్న అంటే ఎవరికి అర్థం కాదు?

రుషికొండ:
మేడం, ఎమోజీకీ ఎమోషన్‌కీ సంబంధం లేదని తెలుసా? జపనీస్‌లో ఎ అంటే బొమ్మ, మోజి అంటే అక్షరం. 1999లో అక్కడి డొకోమో కంపెనీ కోసం షిగెతకా కురితా 176 బొమ్మలు గీశాడు, ఒక్కోటి అడ్డంగా 12, నిలువుగా 12 చుక్కల గడిలో. కాబట్టి బొమ్మక్షరం అన్నవాళ్లు తెలియకుండానే సరిగ్గా అనువదించారు.

కంచరపాలెం:
నేను ఇన్నాళ్లూ "ఏ మోజో" అనుకున్నాను. మా మేనకోడలు పంపేవి చూస్తే అదే నిజమనిపిస్తుంది.

ఎంవీపీ కాలనీ:
అనువాదం సరిపోవడం వేరు, నోట్లో తిరగడం వేరు తమ్ముడూ. సన్న చాలు. "సన్న పంపింది" అనండి ఒకసారి.

కంచరపాలెం:
సన్న బియ్యం అనుకుంటారు మేడం.

భీమిలి:
ఇప్పుడే పై నుంచి చదువుకుంటూ వచ్చాను. ఈ ఊళ్లో పుట్టినాయన ఒకాయన ఉన్నాడు, ఆయన్ని ఎవరూ తలుచుకోలేదేంటి? శ్రీశ్రీ అయితే ఈ యతి గొడవని ఒక్క తోపు తోసి ముందుకెళ్లిపోయేవాడు. జాలా గాలా నాలా అని కూర్చునేవాడా?

పెదవాల్తేరు మాస్టారు:
అదిగో, ఆ అపోహే వద్దు. 1928లో ప్రభవ వేసేటప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు, అది నిఖార్సైన పద్యకవిత్వం. తోసేయాలంటే ముందు చేతిలో ఉండాలి కదా.

ఎంవీపీ కాలనీ:
తోసేశాడని ఎవరన్నారు మాస్టారూ? కంద పద్యం ఆయన్ని చివరిదాకా వదల్లేదు. సిరిసిరిమువ్వా అని మకుటం పెట్టి శతకం చేసిన మనిషి యతి వదిలేశాడంటే నేనొప్పుకోను. వచన కవిత రాసినప్పుడు కూడా చెవి మాత్రం పద్యానిదే, ప్రతి పంక్తిలోనూ శబ్దం శబ్దాన్ని పిలుచుకుంటుంది. నా ఉద్దేశంలో శ్రీశ్రీ గా వేస్తాడు, ఎందుకంటే ఆయన నోటి ధ్వనిని నమ్మేవాడు.

భీమిలి:
నోటి ధ్వని మాటకొస్తే మా నాన్న తరం మత్స్యకారులు జ్ఞాపకాన్ని "గేపకం" అనేవారు. నేనూ చిన్నప్పుడు అలాగే అనేవాణ్ణి, బళ్లో మాస్టారు చెవి మెలేస్తే మానేశాను. అంటే నా ఓటు గా కే.

కంచరపాలెం:
ఈ సమస్యని గురజాడ ముత్యాలసరం ఛందస్సులో ఇచ్చి ఉంటే యతే ఉండేది కాదు, మనందరం ఈపాటికి అన్నం తిని పడుకునేవాళ్లం.

రుషికొండ:
ఒక్క మాట. మాస్టారు "చెప్పుదున్" అని ఆపారు కదా, ఆ చివరి న్ పాత అచ్చులో వేరే రూపంలో ఉంటుంది, నకారపొల్లు. దానికి 2021లో యూనికోడ్ 14లో విడిగా చోటిచ్చారు, నంబరు 0సి5డి. చాలా ఫోన్లలో ఇంకా ఖాళీ డబ్బాలాగే కనబడుతుంది.

పెదవాల్తేరు మాస్టారు:
నిజమా! మా తాతగారి పుస్తకాల్లో ప్రతి రెండో పద్యానికీ ఉండేది, నకారం నెత్తిన తలకట్టు ఊడిపోయి గీత పైకి సాగినట్టు. కంప్యూటర్ వచ్చాక పోయిందనే అనుకున్నాను. నీకు తెలిస్తే నా ఫోన్లో ఎలా వస్తుందో చెప్పు బాబూ, రేపు ఆదివారం ఇంటికి రా, పెసరట్టు పెట్టిస్తాను.

మధురవాడ:
పెసరట్టుకి నేనూ వస్తాను గానీ, అయ్యా, పదో అక్షరం.

ఎంవీపీ కాలనీ:
మీరే సరిగ్గా గుర్తు చేసుకోండి. నవ్వు ఎలాంటిది? భలే అన్న నవ్వా, పప్పులో కాలేశాడన్న నవ్వా?

మధురవాడ:
భలే అన్న నవ్వే. కాదు, ఆగండి. ముందు వరసలో ఒక పెద్దాయన తల అడ్డంగా ఊపారు, వెనక వరస నవ్వింది.

కంచరపాలెం:
తల అడ్డంగా ఊపారు! నా!

పెదవాల్తేరు మాస్టారు:
మెచ్చుకునేటప్పుడు మనవాళ్లు ఊపేది కూడా అడ్డంగానే.

రుషికొండ:
ఆ ఫిబ్రవరి వారంలో "అక్షరం నశించనిది, ఫోన్‌ని మాత్రం నశింపజేసింది" అని వందమంది నాకు పంపారు. ఈ సమస్య కూడా అలా ఎక్కడో ఫార్వర్డ్ అయ్యి ఉంటుంది, వెతుకుతాను. మధురవాడ సార్, మీరు ఇక్కడ కొట్టిన "జ్ఞానము"ని కూడా కోడ్‌పాయింట్లుగా విడదీసి చూశాను, అందులో నాన్‌జాయినర్ లేదు, భయపడక్కర్లేదు.

భీమిలి:
దొరికింది! ఆ సమస్య ఇచ్చిన పృచ్ఛకుడు మా వీధి చివరే ఉంటారు, మా ఆవిడ చెబితే తెలిసింది. స్మార్ట్‌ఫోన్ వాడరు, ఇప్పటికీ ల్యాండ్‌లైనే. ఇప్పుడే మాట్లాడాను. ముందు పాదం చదివాను, వినగానే విసుక్కున్నారు. "కూల్చె ఎక్కడిదయ్యా, కాల్చె కదా నేనిచ్చింది" అన్నారు.

ఎంవీపీ కాలనీ:
కాల్చె!? గణాలు సరిపోతాయనుకోండి. కానీ అప్పుడు ఇది జ్ఞా గొడవే కాదు, ఛార్జింగ్ పెట్టిన ఫోన్లు కాలిపోవడం గురించా?

రుషికొండ:
అయితే నేను చెప్పిందంతా వృథానా?

పెదవాల్తేరు మాస్టారు:
కాల్చె అయితే జ్ఞానాగ్ని అన్నమాట. పూరణ ఎంత సులువు! మధురవాడ నాయనా, నువ్వు ఎనిమిదేళ్లుగా తప్పు అక్షరం మోస్తున్నావు.

మధురవాడ:
కాల్చె అని నేను వినలేదు సార్, ఒట్టు. భీమిలి గారూ, పదో అక్షరం అడిగారా?

భీమిలి:
అడిగాను. మీ గ్రూపులో ఏమేం అనుకుంటున్నారని ఆయనే ఎదురడిగారు. జా, గా, నా మూడూ వరసగా చెప్పాను. మూడోది వినగానే గట్టిగా నవ్వి, భోజనానికి పిలుస్తున్నారని ఫోన్ పెట్టేశారు.

కంచరపాలెం:
మూడోది నా! చెప్పానా!

భీమిలి:
ఆ వరసలోనే చెప్పానో లేదో ఇప్పుడు అనుమానంగా ఉంది. నా ఓటు గా కదా, దాన్నే చివర్లో గట్టిగా చెప్పినట్టున్నాను.