నెట్‌హ్యాక్ ఆటలోని జిగట జీవులకు తెలుగు పేర్లు

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. 1987లో వెలువడి, నేటికీ ఉచితంగా దొరుకుతున్న నెట్‌హ్యాక్ అనే నేలమాళిగల కంప్యూటర్ ఆటకు తెలుగు సందేశాలు సమకూర్చే పని సరదాగా మొదలుపెట్టాను. కత్తులకూ కవచాలకూ పేర్లు సులువుగానే కుదిరాయి గాని, ఎముకా ఆకారమూ లేని జిగట జీవుల దగ్గర పని ఆగిపోయింది. బ్లాబ్, జెల్లీ, ఊజ్, పుడ్డింగ్, స్లైమ్ అని మూలంలో వేర్వేరు మాటలున్నాయి. అన్నిటికీ ‘జిగురు’ అని పెట్టి, ముందు రంగు చేరిస్తే సరిపోతుందా? నల్ల పుడ్డింగుకు ‘రక్తబీజుడు’ అని పెట్టమని ఒక మిత్రుడు సూచించారు. పెద్దలు తమ అభిప్రాయం తెలుపగలరు.

మొదటి జవాబు

అయ్యా, అన్నిటికీ ‘జిగురు’ అంటే ఆట ఆడేవాడు చచ్చిపోతాడు. ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. ఈ ఆటలో ఒక జిగట జీవిని చూసి దాటిపోవాలి, ఇంకొకదాన్ని ఇనుము తగలకుండా కొట్టాలి, మరొకదాన్ని అసలు ఒంటికి తగలనివ్వకూడదు. పేరు వినగానే ఆ తేడా స్ఫురించాలి. కాబట్టి నిఘంటువులో ఎదుటి మాట వెదకడం మాని, ఏ జీవి ఏమి చేస్తుందో చూసి పేరు పెట్టడం మేలని నా అభిప్రాయం. పైగా ‘జిగురు’ అనగానే అతుక్కోవడం గుర్తుకు వస్తుంది. ఈ ఆటలో తగిలితే అంటుకొని వదలని గుణం లైకెన్ అనే మరో జీవిది. మీరు అడిగిన జీవులలో దేనికీ అది ముఖ్య లక్షణం కాదు.

ముందుగా జెల్లీలను చూద్దాం. నీలి జెల్లీ ఉన్నచోటి నుంచి కదలదు, తనంతట తాను ఎవరినీ కొట్టదు. మనమే వెళ్ళి చేయి చేసుకుంటే చలితో ప్రాణం తోడేస్తుంది. దీనికి ‘నీలి ముంజ’ అనే పేరు నాకు ఎంతో నచ్చింది. తాటిముంజ కూడా కదలక, మెదలక, వేలితో నొక్కితే లోపల నీరు తొణికేలా ఉంటుంది. ఎండాకాలంలో చలువ చేస్తుందని తింటాము. ఆటలో కూడా ఆ నీలి జెల్లీ కళేబరాన్ని తింటే అప్పుడప్పుడు చలిని తట్టుకొనే శక్తి వస్తుంది. ఇంత చక్కగా కలిసివచ్చిన పేరును వదులుకోవడం అన్యాయం. మచ్చల జెల్లీ ‘మచ్చల ముంజ’ అవుతుంది. కావిరంగుది మాత్రం మెల్లగానైనా కదులుతుంది, మనిషిని తనలోకి మింగి యాసిడ్‌లో నానబెడుతుంది. అయినా కుటుంబం ఒకటే గనుక ‘కావి ముంజ’ అందాం.

బ్లాబులు చిన్న జీవులు. వాటికి ‘ముద్ద’ అనాలని ఎవరికైనా తోస్తుంది గాని, ఆ మాటను దాచి ఉంచండి, దానితో వేరే పని ఉంది. ‘యాసిడ్ బొట్టు’, ‘వణికే బొట్టు’ అంటే చాలు. ‘ఆమ్లం’ అని పాఠ్యపుస్తకపు మాట వేయవచ్చు గదా అంటారేమో. పత్రికలు సైతం యాసిడ్ అనే రాస్తున్నప్పుడు, ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో ఆటగాడికి ఆమ్లం ఎందుకు?

ఇక జిలాటిన్‌తో చేసినట్టుండే ‘జెలాటినస్ క్యూబ్’ అనే ఘనాకారపు జీవి. ఇది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీద ఆడే పాత్రధారణ ఆట నుంచి వచ్చింది. అక్కడ పది అడుగుల వెడల్పున్న నడవాలకు సరిగ్గా సరిపోయేలా పది అడుగుల ఘనంగా, కంటికి ఆనకుండా పారదర్శకంగా ఉంటుంది. ‘జిగట ఘనం’ అంటే మనవాళ్ళకు గట్టిపడిన బంక అని వినిపిస్తుంది, ఎందుకంటే ‘ఘన’ శబ్దానికి గట్టిది అనే అర్థమే ముందు తోస్తుంది. సిమెంటు దిమ్మ అన్నట్టు ‘ముంజ దిమ్మ’ అంటే ఆకారమూ తెలుస్తుంది, పారదర్శకతా తెలుస్తుంది. దీనిని తాకిన మనిషికి అవయవాలు పనిచేయవు. అక్కడ ‘పక్షవాతం వచ్చింది’ అని రాయకండి. ‘కొయ్యబారిపోయారు’ అనే మాట మనకు సిద్ధంగా ఉంది.

పుడ్డింగుల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మీ మిత్రుడి సూచన తేలికగా తీసిపారేయదగింది కాదు. నల్ల పుడ్డింగును ఇనుప ఆయుధంతో కొడితే అది చావకపోతే రెండుగా చీలుతుంది, ఆ రెండూ మీద పడతాయి. దేవీమాహాత్మ్యంలో రక్తబీజుడి నెత్తుటి బొట్టు నేలను తాకిన ప్రతిసారీ మరో రాక్షసుడు లేచినట్టే ఉంది గదా అనిపిస్తుంది. అయితే రక్తబీజుడి నుంచి పుట్టిన ప్రతివాడూ అతనంతటి బలం గలవాడు. పుడ్డింగు చీలినప్పుడు ఉన్న ప్రాణబలమే చెరి సగమవుతుంది. రక్తబీజుడికి ఏ ఆయుధం తగిలినా నెత్తురు కారుతుంది. పుడ్డింగు చీలడానికి ఇనుమే కావాలి, కర్రతో కొడితే చీలదు. అన్నిటినీ మించి, దీనికి నెత్తురే లేదు. (బ్రిటన్‌లో ఇదే పేరుతో నెత్తురు పోసి వండే తిండి ఒకటి ఉంది, ఆ సంగతి ఇక్కడికి లాగితే చర్చ వంటింట్లోకి పోతుంది.) పురాణ నామం పెడితే ఆటగాడు పురాణాన్ని నమ్మి, కొట్టడమే తప్పని భావించి వెనుదిరుగుతాడు. చేయవలసిందల్లా ఆయుధం మార్చడం.

నా ఓటు ‘నల్ల సంకటి’కి. సంకటిని ఎన్ని ముద్దలు చేసినా ప్రతి ముద్దా సంకటే. ఇక ‘ముద్ద’ను దాచమన్న కారణం ఇది. ఒకప్పుడు ఆటగాళ్ళు ఇనుప కత్తితో ఈ జీవిని చీల్చుతూ, పుట్టినదాన్నల్లా చంపుతూ, రాలిన వస్తువులు ఏరుకుంటూ గంటల తరబడి గడిపేవారు; దాన్ని పుడ్డింగు సాగు అనేవారు. 2015లో వచ్చిన 3.6.0 కూర్పు ఆ దారి మూసేసింది: చీలిక వల్ల పుట్టినవి వస్తువులు రాల్చవు, చచ్చిన పుడ్డింగుకు కళేబరానికి బదులు ముద్ద మిగులుతుంది, పక్కపక్కన పడిన ముద్దలు కలిసి ఒకటవుతాయి. ‘నల్ల సంకటి ముద్ద’ అని రాస్తే అనువాదమని ఎవరూ అనుకోరు.

చిక్కు రెండో పుడ్డింగుతో వస్తుంది. దాని రంగును మనం గోధుమరంగు అంటాము, కాని ‘గోధుమ సంకటి’ అని రాస్తే గోధుమరవ్వతో వండినదని చదువుకుంటారు. ‘మట్టిరంగు సంకటి’ అనడం క్షేమం.

చివరిది, అన్నిటిలో భయంకరమైనది, పాతాళంలో మాత్రమే ఎదురయ్యే స్లైమ్. అది తాకితే ఆటలో పది వంతులు గడిచేసరికి మనిషి తానే స్లైమ్ అయిపోతాడు. నిప్పుతో కాల్చుకోవాలి, లేదా దైవప్రార్థన ఫలించాలి. దీనికి ‘పాకుడు’ తప్ప మరో మాట నాకు తోచదు. బావి మెట్ల మీద పెరిగే పాకుడు జారుతుంది, పచ్చగా ఉంటుంది, పాకుతుంది. క్రియ కూడా సొంతంగా తెచ్చుకుంటుంది: తుప్పు పట్టినట్టు, బూజు పట్టినట్టు, పాకుడు పడుతుంది. ‘మీ ఒంటికి పాకుడు పడుతోంది’ అనే సందేశం తెర మీద కనిపిస్తే ఎవరూ కథ అడగరు, నిప్పు కోసం వెదుకుతారు. రంగు చెప్పేటప్పుడు వట్టి ‘పచ్చ’ చాలదు. పసుపుపచ్చ బూజు, ఆకుపచ్చ బూజు రెండూ ఈ ఆటలో ఉన్నాయి గనుక ‘ఆకుపచ్చ పాకుడు’ అని పూర్తిగా రాయాలి. ఊజ్‌కు ‘బూడిదరంగు ఊట’ అనవచ్చు. ఊట అంటే మంచినీళ్ళు గుర్తొస్తాయన్నది నిజమే, కాని అది ఇనుమును తుప్పు పట్టిస్తుంది కాబట్టి నీటి వాసన తగలడం తప్పు కాదు.

తెర మీది గుర్తులను మాత్రం మార్చకండి. పుడ్డింగులూ ఊజూ స్లైమూ ఇంగ్లీషు పెద్దక్షరం ‘పి’గా, జెల్లీలు చిన్నక్షరం ‘జె’గా, బ్లాబులూ ఘనమూ చిన్నక్షరం ‘బి’గా కనిపిస్తాయి. చిన్నక్షరం ‘పి’కి వేరే జీవులున్నాయి, మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అనే భేదమే లేదు.

రెండవ జవాబు

మొదటి జవాబులో ‘సంకటి’ తప్ప అన్నీ బాగున్నాయండి. రాయలసీమలో అది ప్రతి ఇంటి మాట కావచ్చు. తెలంగాణలో గటక అంటారు, మా కోస్తాలో చాలామంది పిల్లలకు ఏదీ తెలియదు. జున్ను అయితే అందరికీ తెలుసు, కదిపితే వణుకుతుంది కూడాను.

మొదటి జవాబు రాసినవారు

జున్ను వణుకుతుందన్నది ఒప్పుకుంటానండి. కాని జున్ను ముక్కలవుతుంది, ముద్దలు కాదు. ముక్కలు మళ్ళీ కలవవు. పైగా ‘నల్ల జున్ను’ అంటే బెల్లం ఎక్కువైందనుకుంటారు. తెలియని మాటను ఆట నేర్పనివ్వండి.

నాకు తేలనిది వేరొకటి ఉంది. నల్ల పుడ్డింగు లోహాన్ని తినివేస్తుంది. అది తుప్పు కాదు, ఆట ఆ రెంటినీ విడిగా లెక్కిస్తుంది. రాగికైతే ‘చిలుము పట్టింది’ అంటాము, కత్తి ఇనుపది. ‘లోహక్షయం’ పాఠంలో బాగుంటుంది, పోరాటంలో బాగుండదు. ప్రస్తుతానికి ‘మీ కత్తి అంచును తినేసింది’ అని పెట్టవచ్చు. కంసాలి, కమ్మరి పనులు తెలిసిన సభ్యులు యాసిడ్ తిన్న ఇనుమును ఏమంటారో చెబితే, ఆ మాటే వేద్దాం.