‘ఫెయిర్’కి తెలుగు: రెండు మాటల పాత లైను, ఎవరికైనా గుర్తుందా?

గోదారి గట్టు:
మూడు రోజులుగా ఒక లైను పంటిలో ఇరుక్కున్న మామిడి పీచులా వేధిస్తోంది. డిగ్రీలో మా ఇంగ్లీషు మాస్టారు షేక్‌స్పియర్ నాటకం మాక్బెత్ చెబుతూ, మంత్రగత్తెల “ఫెయిర్ ఈజ్ ఫౌల్, అండ్ ఫౌల్ ఈజ్ ఫెయిర్” దగ్గర ఆగి, తెలుగులో ఒక ముక్క అన్నారు. రెండే మాటలు, అటూ ఇటూ తిప్పారు. చివర సున్నాలున్నాయి. “మంచే చెడు, చెడే మంచి” మాత్రం కాదు, అది గైడులో ఉండేది. ఎవరికైనా తడితే చెప్పి పుణ్యం కట్టుకోండి.

చిత్తుప్రతి:
“అందమే వికారం, వికారమే అందం” అయి ఉంటుంది.

గోదారి గట్టు:
కాదండీ. అలా నాలుక మడతపడేలా లేదు. చటుక్కున అనేసి చాక్‌పీసు అందుకున్నారు.

హన్మకొండ పాత విద్యార్థి:
ఫెయిర్ అక్కడ ఏ అర్థంలో ఉందో తేల్చకుండా తెలుగు వెతికితే ఎట్లా? మూడో సీన్లో మాక్బెత్ నోట వచ్చే మొట్టమొదటి మాట చూడండి: “సో ఫౌల్ అండ్ ఫెయిర్ ఎ డే ఐ హావ్ నాట్ సీన్.” ఫౌల్ అంటే ఆనాటి పాడు వాతావరణం, ఫెయిర్ అంటే యుద్ధంలో గెలుపు. మంత్రగత్తెల తర్వాతి లైన్లోనూ పొగమంచూ మురికి గాలే. అందచందాల సంగతి ఎక్కడుంది? నన్నడిగితే “తెరిపే ముసురు, ముసురే తెరిపి”.

గోదారి గట్టు:
తెరిపి... ఎంత మంచి మాట గుర్తు చేశారు సార్! కానీ మా మాస్టారిది ఇది కాదు.

డల్లాస్ బావ:
ఫెయిర్, ఫౌల్ జంటగా వినపడేది ఆటల్లో. ఫౌల్‌కి మనకు బంగారంలాంటి మాట ఉంది: తొండి. “ఆటే తొండి, తొండే ఆట.” బిర్నమ్ అడవి నడిచి వస్తే తప్ప ఓటమి లేదని మాక్బెత్‌కి మంత్రగత్తెల జోస్యం, తీరా చూస్తే శత్రు సైనికులు ఆ అడవి కొమ్మలు పట్టుకుని నడిచి రావడం, ఇది తొండి కాక ఏమిటి?

చిత్తుప్రతి:
బావగారూ, తొండి సరే, దాని ఎదురు మాట “ఆట” ఎలా అవుతుంది? తొండి చెయ్యనివాణ్ణి మనం ఏమీ అనం, ఆడనిస్తాం, అంతే. బళ్లో ఫెయిర్ అంటే రఫ్ కానిది. ఫెయిర్ నోట్సు, రఫ్ నోట్సు. ఆ లెక్కన “సాపే చిత్తు, చిత్తే సాపు”. నా పేరు చూసి పక్షపాతం అనుకుంటే అనుకోండి.

తిరునాళ్ళ రంగులరాట్నం:
సంత అనే ఫెయిర్‌ని అందరూ మర్చిపోయారు. దాని పుట్టుక వేరు. లాటిన్‌లో ‘ఫేరియా’, అంటే పండగ రోజు, దేవుడి రోజు. అందం, న్యాయం చెప్పే ఫెయిర్ పాత ఇంగ్లీషు ‘ఫేగర్’ నుంచి వచ్చింది. ఇప్పుడు మన తిరునాళ్ళు విడదీయండి: తిరు అంటే పవిత్రం, నాళ్ళు అంటే రోజులు. వాళ్ల ఫేరియా, మన తిరునాళ్ళు ఒకే దారిన నడిచి ఇద్దరూ చివరికి జీళ్ల కొట్టు దగ్గర తేలారు. మంత్రగత్తెలతో దీనికి సంబంధం లేదని నాకూ తెలుసు.

డల్లాస్ బావ:
ఫెయిర్ అంటే తెల్ల చర్మం అనే గోల కూడా ఉందిగా. క్రీమువాళ్లు 2020లో ఆ మాట తీసేసి ‘గ్లో’ పెట్టుకున్నారు.

చిత్తుప్రతి:
పోతన్నగారి గోపికలకు ఆ గోల లేదు. “నల్లనివాడు పద్మనయనంబులవాడు” అంటూ మొదటి గుర్తుగా నలుపే చెప్పి, మల్లె పొదల్ని అడిగారు. తెల్లటి మల్లెల్ని పట్టుకుని నల్లనివాడి ఆచూకీ అడగడం, అబ్బా! ఆ పద్యం ఎత్తుకుంటే నేను ఇవాళ ఆఫీసు పని చెయ్యను.

కిరాణా కొట్టు:
మీ అంత చదువుకోలేదు గానీ ఒక సందేహం. మా కొట్టు బోర్డు మీద మా నాన్న రాయించింది “సరసమైన ధరలు”. ఇంగ్లీషులో ఫెయిర్ ప్రైస్ అంటే అదేగా? మరి రేషన్ షాపు బోర్డు మీద ఫెయిర్ ప్రైస్ షాప్‌ని “చౌక ధరల దుకాణం” అని ఎందుకు రాస్తారు? చౌక వేరు, ఫెయిర్ వేరు. అటు కొనేవాడూ ఇటు అమ్మేవాడూ ఏడవనిది ఫెయిర్. చౌకలో ఎవడో ఒకడు ఏడుస్తాడు.

హన్మకొండ పాత విద్యార్థి:
మా దిక్కు చౌకా లేదు, సరసమూ లేదు. కంట్రోల్ షాపు, కంట్రోల్ బియ్యం. కానీ మీరు అన్నది ఆలోచించవలసిందే.

కిరాణా కొట్టు:
సరసుడు అన్నప్పుడు సొగసు. సరసమైన ధర అన్నప్పుడు న్యాయం. ఇంగ్లీషు ఫెయిర్ చేసే రెండు పనులూ మన సరసం ఒక్కటే చేస్తోంది కదండీ? అయితే మంత్రగత్తెలు అనాల్సింది “సరసమే విరసం, విరసమే సరసం”.

గోదారి గట్టు:
ఆగండాగండి! ఒళ్లు ఝల్లుమంది. రెండు మాటలు, చివర సున్నాలు... కానీ ఎక్కడో “కొరకే” అని కూడా వినిపిస్తోంది. మాస్టారు అన్నారా, నా బుర్ర అతికిస్తోందా?

కందం ప్రేమికుడు:
మీ బుర్రలో ఉన్నది సుమతీ శతకం తల్లీ.

సరసము విరసము కొరకే
పరిపూర్ణ సుఖంబు లధిక బాధల కొరకే
పెరుగుట విరుగుట కొరకే
ధర తగ్గుట హెచ్చు కొరకె తథ్యము సుమతీ!

నాలుగో పాదంలో “కొరకె” అని కురచగా అనాలి. “కొరకే” అని సాగదీస్తే అక్కడి నలం (నాలుగు లఘువుల గణం) చెడి కందం కుంటుతుంది.

చిత్తుప్రతి:
కందంగారూ, మా తాతయ్య “ధర హెచ్చుట తగ్గు కొరకె” అనేవారు. గణాలు చూసుకోండి, నా పాఠమూ నిలుస్తుంది. యతి ‘ధ’కి ‘త’, దాన్ని నేను ముట్టుకోలేదు.

కందం ప్రేమికుడు:
చూశాను. నిలుస్తుంది, దురదృష్టం. కానీ వరస చూడండి: సరసం విరసానికి, సుఖం బాధకి, పెరగడం విరగడానికి. ప్రతిదీ మంచి నుంచి చెడుకి. ధర తగ్గడం మంచి, హెచ్చడం చెడు. కాబట్టి “తగ్గుట హెచ్చు”.

కిరాణా కొట్టు:
అది కొనేవాడి లెక్కండీ. అమ్మేవాడికి హెచ్చడమే మంచి, తగ్గడమే చెడు. ఆ కవి ఎప్పుడూ కొట్లో కూర్చోలేదు. ఉల్లిపాయలు నిలవ చేసి ఉంటే చిత్తుప్రతిగారి తాతయ్య మాటే రాసేవాడు.

హన్మకొండ పాత విద్యార్థి:
ఇద్దరూ ధర అంటే రేటు అనే పట్టుకున్నరు. ధర అంటే భూమి కూడా కదా. భూమ్మీద తగ్గి ఉండటం హెచ్చడానికే. మూడు పాదాలు భయపెట్టి నాలుగో పాదం ధైర్యం చెబుతోంది. అప్పుడు పద్యమే మారిపోతుంది.

కందం ప్రేమికుడు:
మాస్టారూ, “ధరలో” అని ఉంటే మీకు దండం పెట్టేవాణ్ణి. ఉత్త “ధర” అని ఉంది. కొరకె కురచయితే ‘లో’ పట్టే చోటు కూడా లేదు.

హన్మకొండ పాత విద్యార్థి:
శతకాల్లో విభక్తి మింగిన చోట్లు నేను వంద చూపిస్తా.

కందం ప్రేమికుడు:
వంద వద్దు, సుమతిలో పది చూపించండి.

గోదారి గట్టు:
మాస్టార్లూ, నా మాక్బెత్...

డల్లాస్ బావ:
నేనింకా తొండి దగ్గరే ఉన్నా. పద్యం మధ్యలో భూమిని తెచ్చి పెట్టడం అచ్చంగా అదే.

చిత్తుప్రతి:
మా పిన్ని దగ్గర తాతయ్య చేత్తో రాసుకున్న శతకం నోటుబుక్కు ఉంది. హెచ్చుటో తగ్గుటో ఆదివారం వెళ్లి చూసి చెబుతా. సాపు ప్రతే లెండి, చిత్తు కాదు.

కిరాణా కొట్టు:
రేపు పెయింటరు వస్తున్నాడండీ. “సరసమైన ధరలు” ఉంచమంటారా, తీసేయమంటారా?