సామర్థ్యమా, దక్షతా? రైసుమిల్లు లెక్క దగ్గర ఆగిపోయిన ఒక అనువాదం

పోస్టు:

అందరికీ నమస్కారం. మా మేనకోడలు రైసుమిల్లుల పనితీరు మీద పరిశోధన చేస్తోంది. మిల్లర్లు, రైతులు చదివేలా తెలుగులో ఒక వ్యాసం కావాలని ఎవరో అడిగితే, తను ఇంగ్లీషులో రాసేసి నా నెత్తిన పడేసింది. "రెండు రోజుల పని మామయ్యా" అంది. రెండు వారాలైంది, నేనింకా మొదటి పేజీ దాటలేదు. ఎఫిషియెన్సీ అనే మాట దగ్గర బండి దిగబడిపోయింది.

నిఘంటువులో సామర్థ్యం అని ఉంది. సరే అని రాశాను: "ఈ మిల్లు సామర్థ్యం గంటకు 4 టన్నులు. కానీ దీని సామర్థ్యం తక్కువ." చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. పేపర్లో "సాగర్ పూర్తి నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు" అంటే అందులో ఎంత పడుతుందన్న సంగతి. తెలుగు మీడియం ఫిజిక్సులో "పని, శక్తి, సామర్థ్యం" అని పాఠం ఉంటుంది, అక్కడ సామర్థ్యమంటే వాట్లలో కొలిచే పవరు. "ఆ పిల్ల సమర్థురాలు" అంటే పని చేతనైన మనిషి. ఇన్ని చాకిరీలు చేస్తున్న పెద్దకోడలి మీదే ఎఫిషియెన్సీ కూడా పడేశాం!

మా పిల్ల వాడే పద్ధతి పేరు డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్, పొట్టిగా డీఈఏ. ఒకే రకం పని చేసేవాటిని ఒకదానితో ఒకటి పోల్చి, ఎఫిషియెన్సీకి మార్కులు వేసే లెక్క అది. 1957లో ఫారెల్ అనే ఆర్థికవేత్త చెప్పిన ఆలోచనని 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు గణితంలోకి దించారట. వాళ్లు మొదట కొలిచింది ఫ్యాక్టరీలని కాదు, అమెరికాలో పేదపిల్లల చదువు కోసం పెట్టిన ఒక కార్యక్రమంలోని బళ్లని. అందులోనూ పిల్ల చేస్తున్నది ఒక అంచె కాదు, వరసగా అంచెలున్న పనిని కొలవడం. ఎఫిషియెన్సీకి ఒక మంచి మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

లెక్కల మాస్టారు:

దక్షత అనండి, గొడవ వదిలిపోతుంది. ఇంటర్ తెలుగు మీడియంలో ఉష్ణయంత్రం పాఠం చెప్పినన్నాళ్లూ మేం దక్షతే అన్నాం. ఇంజనులోకి ఎంత వేడి పోయింది, అందులో ఎంత పనిగా మారింది, ఆ నిష్పత్తి దక్షత. మీకు కావలసింది అదేగా? సంస్కృతంలో దక్ష అంటే నేర్పరి. కుడిచేతికి దక్షిణ హస్తమనే పేరూ ఆ కుదురులోదే. ఇంకో సుగుణం ఏమిటంటే, దక్షతకి టన్నులు, టీఎంసీలు అతకవు. "గంటకు 4 టన్నుల దక్షత" అని నోరు తిరగదు. పొరపాటు చేద్దామన్నా మాట చేయనివ్వదు.

ఏలూరు కాలువ:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, దక్షత అనగానే నాకు సన్మానపత్రం గుర్తొస్తుంది. "కార్యదక్షులు, సౌజన్యమూర్తులు" అని మొదలుపెట్టి శాలువా కప్పుతారు చూడండి, అదన్నమాట. మిల్లుకి శాలువా ఎందుకు? గిట్టుబాటు అని మనకి చక్కటి తెలుగు మాట ఉంది కదా.

పోస్టు రాసినాయన:

ఏలూరు కాలువ గారూ, గిట్టుబాటు నాకూ ఇష్టమే, కానీ అందులో రూపాయి కూర్చుని ఉంది. గిట్టుబాటు ధర అంటాం గానీ గిట్టుబాటు కిలో అనం కదా. ఫారెల్ కూడా 1957లోనే రెంటినీ విడదీశాడట: ఉన్న సరుకులోంచి ఎంత రాబట్టావన్నది ఒకటి, ధరలు చూసుకుని ఏ సరుకు ఎంత వాడాలో సరిగ్గా ఎంచుకున్నావా అన్నది రెండోది. మీ గిట్టుబాటు ఆ రెండోదానికి దగ్గరి చుట్టం. మా పిల్ల లెక్కలో ప్రస్తుతానికి డబ్బు లేదు, కిలోలే.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

సార్, ఇరవై ఏండ్ల సంది మిల్లులోనే ఉన్న. మేం సామర్థ్యం అనం, దక్షత అనం. "క్వింటాకు ఎంత వచ్చింది?" అంటం. ప్రభుత్వం ఇచ్చే వడ్లకైతే లెక్క ముందే రాసి పెట్టి ఉంటది: క్వింటాకు పచ్చి బియ్యం అయితే 67 కిలోలు, ఉప్పుడు బియ్యం అయితే 68 కిలోలు తిరిగి ఇయ్యాలె.

కానీ ఆ ఒక్క అంకెతోని మిల్లు మంచిదా చెడ్డదా అంటే నేనొప్పుకోను. వడ్లు ముందుగాల జల్లెడలకు పోతయి, మట్టి, రాళ్లు, తాలు పోతది. ఆనక షెల్లర్‌ల రబ్బరు రోలర్ల నడుమ పడి ఊక ఊడుతది. అప్పటికి ఉన్నది ముడి బియ్యం. దాన్ని పాలిషర్‌ల పడేస్తే తవుడు పోయి తెల్లగయితది. ఆఖరికి గ్రేడర్‌ల నూక వేరు, నిండు గింజ వేరు. రోలర్లు బిగ్గ పెడితే ఊక మంచిగ పోతది గాని గింజ పగులుతది. ఆ పగిలిన గింజ షెల్లర్ కాడ ఎవరికీ కనపడదు, పాలిషర్ దాటినంక నూకయి బయటపడుతది. తిట్లు తినేది పాలిషర్ ఆపరేటర్!

యాసంగి వడ్లయితే ఇంకా ఘోరం. ఎండలకు గింజలోపల సన్నగ పగుళ్లు వచ్చి ఉంటయి, పచ్చి బియ్యం పడితే నూక ఎక్కువ. ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తే తగ్గుతది. 2021, 2022ల రాష్ట్రానికి, కేంద్రానికి ఉప్పుడు బియ్యం మీద అంత పంచాయితీ నడిచింది ఇందుకే. పాత హల్లర్ మిల్లు యాదికుందా? పొట్టు తీసుడు, పాలిష్ పట్టుడు ఒక్కదాంట్లనే. తవుడు ఊకల కలిసి వచ్చేది. ఎక్కడ పోయిందో చెప్పేటోడే లేకుండె.

పోస్టు రాసినాయన:

గుమస్తా గారూ, మీకు దండం. నలభై పేజీల్లో మా పిల్ల చెప్పింది మీరు ఒక్క ముక్కలో చెప్పారు. హల్లర్ మిల్లంటే మూతపెట్టిన కుండ, లోపల ఏం జరిగిందో తెలీదు. మామూలు డీఈఏ కూడా అలాగే ఇటు పోసిందీ అటు వచ్చిందీ మాత్రమే చూస్తుందట. ఆ మూత తీసి అంచె అంచెకీ కొలవడమే ఇప్పటి పద్ధతి.

పిల్ల వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది. లెక్క తేలిగ్గా ఉండాలని వేసిన అంకెలే, నిజం మిల్లులవి కావు. రెండు మిల్లులు, రెంటికీ 100 క్వింటాళ్ల వడ్లు ఇచ్చాం. మొదటి మిల్లులో షెల్లర్ దగ్గర 75 క్వింటాళ్ల ముడి బియ్యం వచ్చి, పాలిషయ్యాక 60 క్వింటాళ్ల నిండు గింజ తేలింది. రెండో మిల్లులో ముడి బియ్యం 80, చివరికి నిండు గింజ అదే 60. మూత తీయకుండా చూస్తే ఇద్దరూ సమానం, ఇద్దరికీ ఫస్టు మార్కు.

మూత తీస్తే? షెల్లర్ పనిలో రెండో మిల్లు మొనగాడు, దాని 80తో పోలిస్తే మొదటిదాని 75 అంటే పదహారింట పదిహేను వంతులు. పాలిషర్ దగ్గర కథ తిరగబడుతుంది. మొదటి మిల్లు 75లోంచి 60 తీసింది, అంటే వందకి 80. రెండోది 80లోంచి 60, వందకి 75. ఇక్కడ రెండో మిల్లుకి పదహారింట పదిహేను. అంచెల మార్కులు గుణిస్తే రెండు మిల్లులకీ మొత్తం మార్కు అంతే. అంటే ఇద్దరిలో ఎవరూ పదహారణాల మిల్లు కాదు, చెరో అణా చెరో చోట పోగొట్టుకున్నారు. రెండోదాని షెల్లర్, మొదటిదాని పాలిషర్ ఒక కప్పు కింద ఉంటే 60 కాదు, 64 వచ్చేవి.

మొత్తం మార్కు అంచెల మార్కుల గుణకారమయ్యేలా లెక్క కట్టిన వాళ్లలో కావ్, హ్వాంగ్ అనే ఇద్దరి పేరు బాగా వినబడుతుందట. వాళ్లు 2008లో తైవాన్‌లోని 24 బీమా కంపెనీలని ఇలా కొలిచారు. ఖర్చు పెట్టి ప్రీమియం సంపాదించడం ఒక అంచె, ఆ ప్రీమియంతో లాభం తీయడం రెండో అంచె. అంతకుముందు 1999లో సైఫర్డ్, ఝూ అనే వాళ్లు అమెరికాలో 55 పెద్ద బ్యాంకులని రెండు అంచెల్లో చూశారు. నాకైతే బీమా కంటే వడ్లే తేలిగ్గా బుర్రకెక్కాయి.

బెంగళూరు బాటసారి:

అన్నా, మీరు గమనించారో లేదో, మొదటి పోస్టు నుంచీ మీరే "అంచె" అంటున్నారు. గుమస్తా గారూ, మాస్టారూ ఎవరూ ఆ మాట అనలేదు. వ్యాసంలో కూడా "బహుదశ ఉత్పత్తి" అని రాయకండి. దశ కాలానికి సంబంధించిన మాట. శనిదశ, బాల్యదశ, తొలిదశ పోలింగు. ఒక దశ అయిపోతుంది, ఇంకోటి వస్తుంది, మధ్యలో ఎవరూ ఎవరికీ ఏమీ ఇచ్చుకోరు. అంచె అలా కాదు. పూర్వం టపా మోసేవాళ్లు ఒక మజిలీ దగ్గర సంచీ ఇంకొకడి భుజానికి మార్చేవారు, అదీ అంచె. నేనుండే చోట ఇప్పటికీ పోస్టాఫీసు బోర్డు మీద కన్నడంలో "అంచె కచేరి" అనే ఉంటుంది. రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి పోతాను. ఆ సంచీ మార్పిడి లేకపోతే మీ పద్ధతే లేదు కదా? మీ ముడి బియ్యమే ఆ సంచీ.

పోస్టు రాసినాయన:

తమ్ముడూ, నేను అలవాటులో అన్న మాటకి నువ్వు బ్రహ్మాండమైన కారణం చెప్పావు. అసలు చిక్కు ఆ సంచీ దగ్గరే ఉంది. ముడి బియ్యం షెల్లర్‌వాడికి రాబడి, పాలిషర్‌వాడికి ఖర్చు. షెల్లర్‌వాడు ఎక్కువ ఇస్తే వాడికి మార్కులు పెరుగుతాయి. కానీ చివరి గింజ అంతే వస్తే పాలిషర్‌వాడి మార్కులు పడిపోతాయి. ఒకే వస్తువు ఒకడి జమలో, ఇంకొకడి ఖర్చులో. దాన్ని "మాధ్యమిక ఉత్పాదన" అని రాశాను, నాకే మింగుడు పడలేదు.

లెక్కల మాస్టారు:

"నడిమి సరుకు" అనండి. మాధ్యమికం అంటే జనం బడి అనుకుంటారు.

మరో సంగతి. ఇన్‌పుట్లు చాలా ఉన్నప్పుడు, అంటే వడ్లు, కరెంటు, కూలీలు అన్నీ కలిపి చూసేటప్పుడు, ఒక్కోదానికి ఒక వెయిట్ ఇవ్వాలి. స్టాటిస్టిక్సులో మేం "భారం" అంటాం. మీరు తూకం అనండి, ఎందుకో చెబుతాను. డీఈఏలో ఆ వెయిట్లు ముందుగా ఎవరూ నిర్ణయించరు. ప్రతి మిల్లుకీ దాని మార్కు ఎంత ఎక్కువ రాగలిగితే అంతా వచ్చేలా ఎంచుకునే అవకాశం ఇస్తారు. షరతు ఒక్కటే. "నీకు నచ్చిన తూకపు రాళ్లు నువ్వే తెచ్చుకో నాయనా, కానీ అవే రాళ్లతో మిగతా మిల్లులన్నిటినీ తూస్తాం, ఎవరిదీ ఒకటి దాటకూడదు." తన రాళ్లతో తూచినా ఒకటి రాలేదంటే ఇక సాకు చెప్పడానికి లేదు.

అంచెలున్నప్పుడు, మీరు చెప్పిన 2008 నాటి పద్ధతిలో ఇంకో షరతు ఉంది: నడిమి సరుకుని షెల్లర్ దగ్గర ఏ రాయితో తూచారో పాలిషర్ దగ్గరా అదే రాయి. కొనే రాయి ఒకటి, అమ్మే రాయి ఇంకొకటి ఉండకూడదన్నమాట. సంత చూసినవాడికి ఈ సంగతి సమీకరణం లేకుండానే అర్థమవుతుంది.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:

మాస్టారూ, కొనే రాయి అమ్మే రాయి ముచ్చట మిల్లుల కాడ గట్టిగ అనకుండ్రి!

ఏలూరు కాలువ:

సరే, దక్షతకి ఒప్పుకున్నాను, శాలువా మడతపెట్టేశాను. కానీ ఎన్వలప్‌మెంట్‌ని ఏం చేస్తారు? "దత్తాంశ ఆవరణ విశ్లేషణ" అని మాత్రం రాయకండి, దండం పెడతాను. ఆవరణ అంటే కాలేజీ ఆవరణ. డేటాకి కాంపౌండు గోడ కట్టినట్టు ఉంటుంది.

లెక్కల మాస్టారు:

నిజానికి మీరు ఎగతాళికి అన్నా, అది గోడలాంటిదే. మిల్లులన్నిటినీ చుక్కలుగా గీసి, పైకంటా వచ్చినవాటిని కలుపుతూ ఒక గీత లాగుతారు. మిగతావన్నీ దాని లోపలికొస్తాయి. గీత మీద ఉన్నవాడికి ఒకటి, లోపలున్నవాడికి ఎంత దూరముంటే అంత తక్కువ. ఆ గీత ఏ ఇంజనీరో కాగితం మీద వేసిన ఆదర్శం కాదు, ఉన్న మిల్లుల్లో మంచివే దాన్ని గీస్తాయి. కాబట్టి ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. పది చచ్చు మిల్లుల్ని పోగేసి మూత తీయని మామూలు డీఈఏతో కొలిస్తే అందులో ఒకదానికైనా ఫస్టు మార్కు వస్తుంది. ఆ సామెత వ్యాసంలో పెట్టండి, సగం పేజీ మిగులుతుంది.

పోస్టు రాసినాయన:

పెట్టేశాను మాస్టారూ. పద్ధతి పేరు ఇంగ్లీషులోనే తెలుగు లిపిలో ఉంచాను. గీతకి "పొలిమేర" అని రాశాను. తక్కినవి మీరందరూ ఇచ్చినవే: దక్షత, అంచె, నడిమి సరుకు, తూకం.

తాజా కబురు: పిల్లకి పంపాను, రాత్రి ఫోన్ చేసింది. అంతా బాగుంది గానీ "పొలిమేర మీద ఉన్న మిల్లులు" అన్న వాక్యం చదివి వాళ్ల అమ్మ దెయ్యాల మిల్లులా అని అడిగిందట. గట్టు అని మార్చాను.